అక్క చేతికి వచ్చిన పెట్టె

మా ఇంట్లో చెప్పుల స్టాండు పక్కన ఒక నల్లటి పెట్టె ఉంటుంది. దాని గురించి నేను తెగ కోతలు కోస్తానని మావాళ్ళు అంటారు. కోస్తాను. ఎందుకు కొయ్యకూడదు? మా ఇంటిల్లిపాది ఫొటోలు, అమ్మ వైద్యం కాగితాలు, అక్క పని తాలూకు రికార్డింగులు, అందరి పాస్‌వర్డులు, చివరికి బావ డ్యూటీ క్యాలెండర్‌తో సహా అన్నీ దాన్లోనే ఉన్నాయి. ఏ కంపెనీ కంప్యూటర్‌లోనూ లేవు. చోటు అయిపోయింది, ఇంకా కొనుక్కోండి అని మాకెవరూ కబురు పెట్టరు. ఉన్నట్టుండి నిబంధనలు మార్చేశామనీ చెప్పరు. మా ఇంట్లో నిబంధనలు పెట్టేదాన్ని నేను, మార్చేదాన్నీ నేనే.

అసలు నా ఉద్యోగం పళ్ళు చెయ్యడం. డెంటల్ ల్యాబ్‌లో కట్టుడుపళ్ళు, తొడుగులు తయారుచేస్తాను. ఒక పన్ను వెంట్రుకవాసి ఎత్తయినా నమిలే మనిషికి తెలిసిపోతుంది, తిట్లు మాకొస్తాయి. అందుకే అరకొర పనంటే నాకు ఒళ్ళు మంట. పెట్టెను కూడా అలాగే కట్టాను. ఎవరో ఆఫీసువాళ్ళు వద్దనుకున్న కంప్యూటర్ తెచ్చి, దుమ్ము దులిపి, డిస్కులు బిగించి, గురకపెట్టే ఫ్యాను మార్చి, తప్పులు చేసి, నన్ను నేనే తిట్టుకుని, మళ్ళీ మొదటికొచ్చి నిలబెట్టాను. అమ్మ ఫోన్‌లో తీసిన ఫొటో దానంతటదే వచ్చి పెట్టెలో పడిన రోజు ఇల్లంతా గెంతాను. కింద అంతస్తులో ఉండే అక్క, బీరువా నా మీద పడిందేమో అనుకుని పైకి పరిగెత్తుకొచ్చింది.

మాటలు ఆలస్యమైన పిల్లలకు మాటలు నేర్పడం అక్క వృత్తి. మా బిల్డింగు అడుగున, నేల కిందికి దిగిన గది ఒకటి తీసుకుని అక్కడ పిల్లల్ని కూర్చోబెట్టుకుంటుంది. ప్రతి పిల్లవాడి గొంతూ రికార్డు చేస్తుంది. పోయిన నెల ఎలా పలికాడు, ఈ నెల ఎలా పలుకుతున్నాడు అని పక్కపక్కన పెట్టి వింటే తప్ప ఆ పని సాగదు. కానీ కన్నవాళ్ళకు భయం ఉంటుంది కదా. తమ బిడ్డ తడబాటు ఎవరెవరి చేతుల్లో పడుతుందో అని. అందుకని అక్క ప్రతి తల్లికీ మాటిచ్చింది, ఈ గొంతులు మా అక్కాచెల్లెళ్ళ చెయ్యి దాటి పోవని. ఆ మాట నిలబడింది నా పెట్టె మీదే. నా కోతలకు అసలు కారణం అది.

ఇంతలో నా గుండెలో కవాటం ఒకటి మార్చాలన్నారు. ఈ రోజుల్లో ఇది మామూలేనని డాక్టరు అన్నాడు. మామూలే అని డాక్టరు అన్నకొద్దీ అమ్మ మొహం చిన్నదవుతూ వచ్చింది. ఆ సాయంత్రం అందరం మా హాల్లో కూర్చుని, ఆస్పత్రిలో నా దగ్గర ఎవరెప్పుడు ఉండాలో మాట్లాడుకుంటున్నాం. బావ ఉన్నట్టుండి అన్నాడు.

"అన్నీ బాగానే ఉన్నాయి మేనేజరుగారూ. నువ్వు లేకపోతే పెట్టె సంగతేమిటి?"

నన్ను ఆట పట్టించడానికి ఆయన పెట్టిన పేరు అది. అమ్మ గయ్యిమంది. "శుభమా అని ఆపరేషన్‌కి వెళ్తుంటే అవేం మాటలు అల్లుడుగారూ?"

"నేనన్నది అది కాదత్తయ్యగారూ. మంచం మీద ఉంటుంది కదా, అప్పుడు ఎవరు చూస్తారూ అని..." బావ నీళ్ళు నమిలాడు. కానీ ఆయన అన్నది అదే. అక్కడున్న అందరికీ తెలుసు.

"నా పెట్టె ఇన్నేళ్ళలో ఒక్కరోజు ఆగలేదు బావగారూ, కావాలంటే చూసుకోండి" అన్నాను.

బావ లిఫ్టులు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు. ఆయనకు ఈ ప్రపంచంలో ఉన్నవన్నీ లిఫ్టులే. "లిఫ్టు బాగా నడుస్తోందని మేం సర్టిఫికెట్ ఇవ్వమమ్మా. నడుస్తోందని ఎక్కేవాడికీ తెలుసు. పట్టు తప్పి జారితే దానంతటది ఆగుతుందా లేదా, అది చూసి ఇస్తాం. నీ పెట్టెను ఎప్పుడైనా జార్చి చూశావా?"

నాకు తిక్క రేగింది. "జార్చండి! ఎప్పుడంటే అప్పుడు! చిటికెలో నిలబెడతాను."

"నువ్వు కాదు" అంది అక్క. "నువ్వు నిలబెడతావని నాకు తెలుసు. నువ్వు లేకుండా నిలబడుతుందా అన్నదే ప్రశ్న. నిలబడకపోతే బాగుచెయ్యడానికి బయటివాళ్ళ చేతుల్లో పెట్టాలి. అప్పుడు ఆ తల్లులకు నేను ఏ మొహం పెట్టుకుని మాటిచ్చినట్టు? ఆదివారం నేనే చేస్తాను. సాయంత్రం లోపల నా చేత కాకపోతే రికార్డింగులన్నీ చెరిపేస్తాను. ఇంక రికార్డు చెయ్యను."

చెరిపేస్తానంటే చెరిపేసే మనిషే. అక్క అన్న మాట వెనక్కి తీసుకోగా నేను చూడలేదు.

ఆదివారం పొద్దున్నే బావ పెట్టె విప్పి, డిస్కులు రెండూ బయటికి లాగి, తన బ్యాగులో వేసి జిప్పు పెట్టాడు. "సాయంత్రం దాకా ఇవి పోయినట్టే లెక్క" అన్నాడు. అక్క ముందు మిగిలినవి ఒక పాత ల్యాప్‌టాప్, కొత్త సిస్టమ్ ఎక్కించే పెన్‌డ్రైవ్, పెట్టెలో ఉన్నదంతా తాళం వేసి దాచిన బ్యాకప్ డిస్కు, నేను రాసిన సూచనల కాగితాలు. ఆ బ్యాకప్ డిస్కు ఎప్పుడూ మా ల్యాబ్‌లో, పళ్ళ అచ్చుల అరలో ఉంటుంది. ఇల్లు తగలబడినా అది మిగలాలని అక్కడ పెట్టాను. అంత దూరం ఆలోచించానని అప్పటికి నాకు మహా గర్వం.

అక్క కింది గదిలోంచి ఒక కుర్చీ మోసుకొచ్చి గోడ పక్కన వేసింది. "కూర్చో. ఇది తల్లుల కుర్చీ. పిల్లవాడు మాట కోసం తంటాలు పడుతుంటే తల్లి ఆగలేక ఆ మాట తనే అనేస్తుంది. ఇంక వాడెందుకు అంటాడు? అందుకే అక్కడ నాదొకటే రూలు. మాట అందించకూడదు. నువ్వూ అంతే. నోరెత్తావా, పరీక్ష రద్దు."

మొదటి కాగితంలోనే నా పరువు పోయింది. "ముందుగా ల్యాప్‌టాప్‌ను పెన్‌డ్రైవ్ నుంచి మామూలుగా ఆన్ చెయ్యాలి" అని రాసి ఉంది.

"మామూలుగా అంటే ఎవరికి మామూలు?" అంది అక్క కాగితం వంక చూస్తూ. నాకు మామూలు. ఆన్ అయ్యే క్షణంలో కీబోర్డు మీద ఒక మీట నొక్కాలి, అంతే కదా. ఆ మీట పేరు నా నాలుక చివర ఎగిరెగిరి పడుతోంది. అమ్మ నా వంక చూసి, "కొంగు నోట్లో కుక్కుకో" అని సైగ చేసింది. అక్క విసుక్కోలేదు. పై వరసలో ఉన్న మీటలు ఒక్కొక్కటీ నొక్కి చూసింది. కాదంటే ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, తర్వాతది. ఒకే అక్షరం దగ్గర నెలల తరబడి కూర్చునే మనిషికి ఇదొక లెక్కా? చివరికి సరైన మీట పడింది. నేను కుర్చీలో చప్పుడు కాకుండా చప్పట్లు కొట్టాను.

కొత్త సిస్టమ్ ఎక్కింది. అక్క బ్యాకప్ డిస్కు తగిలించింది. డిస్కు తన తాళం, అంటే పాస్‌వర్డు, అడిగింది. అక్క కాగితం తిప్పింది. పైకే చదివింది.

"తాళం పాస్‌వర్డుల గూట్లో ఉంది."

పాస్‌వర్డుల గూడంటే మా ఇంటిల్లిపాది పాస్‌వర్డులు దాచుకునే యాప్, అది ఉండేది పెట్టెలో. పెట్టెలో ఉన్నవన్నీ బావ బ్యాగులో. వాటి నకలు ఈ బ్యాకప్‌లో, తాళం వెనక. బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తలుపు మూసేసిన ఘనురాల్ని నేనే. పెట్టె నడుస్తున్నన్నాళ్ళూ తెలియలేదు. వెంట్రుకవాసి తేడా పట్టేస్తానని బోర విరుచుకునేదాన్ని, ఇంత పెద్ద గోతిని చూడలేదు.

అక్కకూ అర్థమైంది. బావకు చెప్పింది. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. నా మొహం చూసి, మెల్లగా బ్యాగు జిప్పు మీద చెయ్యి వేసి, "పోనీ, ఇక్కడితో ఆపేద్దామా?" అన్నాడు.

"మీరు కూర్చోండి" అంది అక్క.

నాకు ఏడుపొచ్చింది. పరీక్ష పోతున్నందుకు కాదు. నేను నిజంగానే తిరిగి రాకపోతే ఏమయ్యేదో కళ్ళముందు కనిపించింది. నా తర్వాత ఎప్పుడో పెట్టె పాడైతే, ల్యాబ్‌లో అచ్చుల మధ్య ఆ డిస్కు పడుండేది. అన్నీ అందులోనే ఉండేవి, మావాళ్ళలో ఒక్కరికీ దక్కేవి కావు. నన్ను నమ్ముకున్న పాపానికి అక్క తలదించుకు తిరిగేది. చాలా భయం వేసింది. ఆపరేషన్ అన్నప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు.

అక్క కదలకుండా తెర వంక చూస్తూ కూర్చుంది. పిల్లల ముందు అలాగే కూర్చుంటుంది కాబోలు, తొందర లేకుండా, ఎక్కడికీ వెళ్ళేది లేనట్టు. చాలాసేపటికి తన ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఏవండీ, కింద నా గదిలో సిగ్నల్ రాదు కదా?"

"రాదు. ఎన్నిసార్లు ఫోన్ చేసి విసిగిపోయానో."

"మరి అక్కడ కూర్చుని నేను రోజూ పాస్‌వర్డులు చూసుకుంటూనే ఉన్నాను. పెట్టె అందకపోతే అవి నాకెలా కనిపిస్తున్నాయి?"

గూడు యాప్ తెరిచింది. సర్వర్ దొరకలేదని ఎర్రటి గీత వచ్చింది. ఆ గీత కింద అన్నీ ఉన్నాయి. చివరిసారి పెట్టెతో మాట్లాడినప్పుడు ఫోన్ దాచుకున్న నకలు అది. ఇంటిల్లిపాదికీ కనిపించే అరలో, "బ్యాకప్ తాళం" అని నేను పెట్టిన పేరుతోనే ఉంది. అలా దాచుకుంటుందని నేనెక్కడో చదివే ఉంటాను, ఆ క్షణంలో నాకు తట్టలేదు. రోజూ సిగ్నల్ లేని గదిలో పనిచేసే మనిషికి తట్టింది. నేను కుర్చీలోంచి లేవబోతే అమ్మ నా భుజాలు పట్టి కిందికి నొక్కింది.

ఆ తాళం చాంతాడంత ఉంటుంది. మొదటిసారి కొడితే తప్పన్నది. బావ వచ్చి అక్క పక్కన కుర్చీ లాక్కుని, "నేను చదువుతాను, నువ్వు కొట్టు. రూలు మరదలికే కదా, నాకు కాదుగా" అన్నాడు. పెళ్ళినాటి నుంచి నా పెట్టెను వెక్కిరించిన మనిషి, ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాడు. తెరుచుకుంది.

కాపీ అవడానికి చాలా సేపు పట్టింది. మధ్యలో భోజనాలు చేశాం. పుట్టి బుద్ధెరిగాక నేను మాట్లాడకుండా చేసిన భోజనం అదొక్కటే. ఎండ వాలేవేళకు అమ్మ ఫోన్ గంట మోగింది. "నా ఫొటోలు వచ్చాయి!" అని అమ్మ కేక పెట్టింది. అక్క ఆమె మాట పట్టించుకోకుండా, తన రికార్డింగుల్లో ఒకటి వెతికి పెట్టింది.

ఆ పిల్లవాణ్ణి అక్క గండుచీమ అంటుంది. ఎంతోకాలంగా వస్తున్నాడు, ఒక్క మాట లేదు. రికార్డింగులో ముందు బొమ్మ కారు చక్రాల చప్పుడు వినిపించింది. అక్క గొంతు, "ఇది ఎవరిది?" అంది. తర్వాత నిశ్శబ్దం. ఎంత నిశ్శబ్దమో! నేనైతే ఊపిరాడక ఆ మాట అనేసేదాన్నే. అప్పుడు చిన్న గొంతు, గట్టిగా, పోట్లాడుతున్నట్టు, "నాది" అంది. వెనకాల తల్లి ఎక్కిళ్ళు.

అక్క ల్యాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి నావైపు తిరిగింది. "ఇప్పుడు మాట్లాడొచ్చు" అంది. పెట్టె గురించి ఇన్నేళ్ళు ఊరంతా డప్పు కొట్టాను. నా చెయ్యి పడకుండా అది లేచి నిలబడిన ఆ సాయంత్రం నేను పొంగిపోయినంతగా ఎన్నడూ పొంగిపోలేదు. పెట్టెను చూసి కాదు, అక్కను చూసి.

బావ బ్యాగులోంచి డిస్కులు తీసి నా ఒళ్ళో పెట్టాడు. "జారింది, ఆగింది. పాసు" అన్నాడు. మర్నాడే ఆ తాళాన్ని కాగితం మీద రాసి అక్క బీరువాలో ఒకటి, బావ ఆఫీసు సొరుగులో ఒకటి పెట్టించాను. సూచనల్లో ఉన్న మామూలులన్నీ అక్క ఎర్ర పెన్నుతో కొట్టేసి తనే మళ్ళీ రాసింది.

ఆస్పత్రికి బయల్దేరే పొద్దున, చెప్పులు వేసుకుంటూ అలవాటు కొద్దీ ఒకసారి ఫోన్‌లోంచి పెట్టెలోకి తొంగిచూద్దామనుకున్నాను. పాస్‌వర్డ్ తప్పంది. మళ్ళీ కొట్టాను. తప్పంది. అక్క నా బట్టల సంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"మార్చాను" అంది.

"నా పెట్టె పాస్‌వర్డ్ నన్నడక్కుండా మార్చావా? ఏం పెట్టావే?"

"చెప్పను. ఇంటికి తిరిగొచ్చి అడుగు. అప్పుడు చెప్తాను." మొహం తిప్పుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

కారులో దారి పొడుగునా ఫోన్‌లో ప్రయత్నిస్తూనే ఉన్నాను. అక్క పుట్టినరోజు, బావ ముద్దుపేరు, అమ్మను మేం చిన్నప్పుడు పిలిచిన పిలుపు, గండుచీమ, ఏదీ కాదు. లోపలికి తీసుకెళ్ళేముందు నర్సు వచ్చి, ఇక చాలమ్మా అని ఫోన్ తీసుకుంది. నాకు భయంగానే ఉంది. అయినా ఆ అమ్మాయితో గొప్పగా చెప్పాను, "మా అక్క పెట్టిన పాస్‌వర్డ్ అది. నావల్లే కాలేదు."