కుడి భుజం మీద మెత్త

దర్జీ భార్య ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, రిటైరైన నాలుగో వారంలో, రైఫిలు కాల్చడం నేర్చుకుంటానని చెప్పింది. ఇంట్లో కాదు, కొట్లో, ఆయన ఎవరిదో కోటుకి చెయ్యి అతుకుతుండగా చెప్పింది.

దర్జీ సూదిని గుడ్డలోనే ఆపి, "ఎవర్ని కాలుస్తావు?" అన్నాడు.

"ఎవర్నీ కాదండీ. కాగితాన్ని."

"కాగితం నిన్నేం చేసింది?"

"ముప్పై రెండేళ్ళు దిద్దించుకుంది."

ఆమె అప్పటికే వెళ్ళి పేరు రాయించుకుని వచ్చింది కూడా. ఊరి బయట ఎత్తైన మట్టికట్ట ఎదురుగా ఆరుబయట కాల్పుల రేంజి. ఎనిమిది ఆదివారాల క్లాసు. రైఫిలూ తూటాలూ వాళ్ళే ఇస్తారు. ఒంటిమీద ఏముండాలో మాత్రం ఒక కాగితం మీద అచ్చేసి ఇచ్చారు. ఆమె దాన్ని కత్తెర పక్కన పెట్టి, "సాయంత్రం బజారుకెళ్ళి ఇవి కొనుక్కోవాలి, మీరూ రండి" అంది.

దర్జీ కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి చదివాడు. పొడుగు చేతుల చొక్కా. బొత్తాలు మెడ దాకా పెట్టుకోవాలి, మెడ తెరిచి ఉంచొద్దు. ముందు అంచున్న టోపీ. వేళ్ళు కనపడని బూట్లు. బోర్లా పడుకుంటారు కాబట్టి మోచేతుల దగ్గర బట్ట మందంగా ఉంటే మంచిది, రైఫిలు ఆనే భుజం దగ్గర కూడా. చాప. మంచినీళ్ళు. వానకోటు, ఎందుకంటే వానొచ్చినా క్లాసు ఆగదు. మిలటరీ రంగుల బట్టలు వేసుకురావద్దు. కళ్ళద్దాలూ, మోత ఆపే చెవి డిప్పలూ మేమే ఇస్తాం.

"ఇందులో కొనేవి బూట్లూ చాపా వానకోటూ" అన్నాడాయన. "మిగతావి కుట్టేవి."

ఆమె గోడకున్న మేకు వైపు చూసింది. దానికి ఆమె చేతిసంచీ ఒకటి మూడేళ్ళుగా వేలాడుతోంది, జిప్పు మార్చడం కోసం. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. ఆ వీధిలో సగం మందికి పెళ్ళికోట్లు కుట్టిన చెయ్యి భార్యకి ఒక్క జాకెట్టైనా కుట్టి ఎరగదు. ఆమె అడిగినప్పుడల్లా ఆయన రేపన్నాడు. కొన్నాళ్ళకి ఆమె అడగడం మానేసింది. ఆ తర్వాత ఇద్దరూ హాయిగానే ఉన్నారు.

"క్లాసు ఈ ఆదివారమండీ" అంది ఆమె. "రేపు కాదు."

సాయంత్రం బజారుకి ఆమె తమ్ముడు కూడా వచ్చాడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. రోజూ పది మేడలు ఎక్కి దిగుతాడు కాబట్టి లోకంలో తనకి తెలియని సంగతి లేదని నమ్మకం. పెద్ద దుకాణంలో బూట్ల దగ్గర ఆమె అటూ ఇటూ నడిచి చూసుకుంటుంటే, కోట్లు వేలాడే చోటికి దర్జీ తనంతట తానే వెళ్ళాడు. ఒక కోటు తీసి లోపలి వైపు బయటికి తిప్పి, సంకలో వేలు పెట్టి లాగాడు.

దుకాణం మనిషి వచ్చి, "ఏమైనా కావాలా సార్?" అన్నాడు.

"ఈ లోపలి కుట్టు ఎవరు వేశారు?"

"కంపెనీ సార్."

"ఒకసారి వాళ్ళని పిలుస్తారా?"

దుకాణం మనిషి పిలవలేదు. దర్జీ కోటుని మళ్ళీ సరిగ్గా తిప్పి, మడత పడకుండా వేలాడదీసి వచ్చేశాడు. ఈలోగా తమ్ముడు ఆకుల బొమ్మలున్న ఆకుపచ్చ కోటొకటి మోసుకొచ్చాడు. దానికి పదిహేడు జేబులున్నాయి, వాటిలో రెండు వీపు మీద ఉన్నాయి.

"అక్కా, ఇది వేసుకుంటే నువ్వసలు ఎవరికీ కనపడవు."

"తుపాకీ పట్టుకున్న మనిషి కనపడకపోతే మిగతావాళ్ళ గతేంట్రా?" అంది ఆమె.

అతను కాసేపు ఆలోచించి, "అదీ నిజమే" అని ఒప్పుకుని, కోటుని తనకే కొనుక్కున్నాడు. లిఫ్టు గుంటలోకి దిగేటప్పుడు పనికొస్తుందన్నాడు.

మర్నాడు పొద్దున్న దర్జీ కొట్లో ఆమెకి కొలతలు తీసుకున్నాడు. ముందు ఆమెని నిలబెట్టి టేపు వేశాడు. కుడి భుజం ఎడమదానికంటే అరంగుళం కిందికి ఉంది. మళ్ళీ కొలిచాడు. అరంగుళమే.

"ఏంటండీ?"

"ఈ భుజం దిగింది."

"పుస్తకాల సంచీ ఎప్పుడూ ఆ భుజానికే."

ఎవరి భుజం ఎటు వంగిందో వీధిలో వాళ్ళందరిదీ చెప్పగలడు దర్జీ. దీన్ని ఇంతకాలం చూడలేదు. అంకె పుస్తకంలో రాసుకుని, పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, "సరే, బోర్లా పడుకో" అన్నాడు.

"ఇక్కడా?"

"నిలబడ్డప్పటి చొక్కా వేరు, పడుకున్నప్పటి చొక్కా వేరు. చేతులు ముందుకి చాపితే వీపు పట్టేస్తుంది."

ఆమె పేలికలు ఊడ్చిన నేల మీద బోర్లా పడుకుని, గజం కర్రని చెంపకి ఆనించుకుని గురి పెట్టింది. దర్జీ మోకాళ్ళ మీద కూర్చుని వీపు కొలుస్తుండగా తలుపు తీసుకుని పోస్టాఫీసు గుమస్తా వచ్చాడు, ప్యాంటు కోసం. ఒకప్పుడు ఆమె దగ్గరే లెక్కలు నేర్చుకున్నవాడు. కర్ర కొస సరిగ్గా అతని మోకాలి వైపు ఉంది.

"గుడ్ మార్నింగ్ టీచర్" అన్నాడు.

ఆమె కర్ర పక్కకి తిప్పి, "గుడ్ మార్నింగ్. నడుము పెంచమన్నావా, తగ్గించమన్నావా?" అంది.

"పెంచమన్నాను టీచర్."

"ఎంత?"

"రెండంగుళాలు టీచర్."

"నడక మొదలుపెట్టు."

అతను సరేనని, ప్యాంటు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

శనివారం మధ్యాహ్నానికి చొక్కా తయారైంది. మందపాటి నూలు, బూడిద రంగు. వీపులో చేతులు చాపితే విచ్చుకునే మడతలు. మోచేతులకి రెండు పొరలు. మెడ దగ్గర చిన్న పట్టీ, గడ్డానికి ఒరుసుకోని బొత్తం. కుడి భుజం మీద లోపల దూదీ మెత్తటి తోలూ కలిపి కుట్టిన మెత్త, దిగిన అరంగుళం కూడా అందులోనే కలిసిపోయేలా. ఆమె వేసుకుని అద్దంలో చూసుకుంది. రెండు భుజాలూ సమానంగా ఉన్నాయి. "బాగుందండీ" అంది. దర్జీ ఒక దారప్పోగు తుంచి, "తల అటు తిప్పు" అన్నాడు.

ఆదివారం ఆయన కూడా బయల్దేరాడు. చొక్కా పనిలో ఎలా ఉంటుందో చూడాలన్నాడు. సూదీ దారం సంచీ వెంట తెచ్చుకున్నాడు.

రేంజిలో టీచరుతో కలిపి ఆరుగురు శిష్యులున్నారు. నేర్పే ఆవిడ పొట్టిగా ఉంది, గొంతు పెంచి మాట్లాడదు. అందర్నీ వరసలో నిలబెట్టి, బూట్ల నుంచి టోపీ దాకా చూసుకుంటూ వచ్చింది. వాళ్ళలో బేకరీ నడిపే ఆయనొకడు, ఆయన మెడ దగ్గర రెండు బొత్తాలు పెట్టించింది. టీచరు చొక్కా దగ్గర ఆగి, మోచెయ్యి పట్టి చూసి, "ఎక్కడ కొన్నారు?" అంది. బెంచీ మీద కూర్చున్న దర్జీ నిటారుగా అయ్యాడు.

తర్వాత కళ్ళ పరీక్ష. రెండు చేతులూ చాపి, వేళ్ళ మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న గుంజని చూడాలి. ఒక్కో కన్నూ మూస్తే ఏది గురి చూస్తోందో తెలుస్తుంది. టీచరు రెండుసార్లు చేసింది.

"మీది ఎడమ కన్ను" అంది నేర్పే ఆవిడ. "ఎడమ భుజానికి ఆనించుకోవాలి."

టీచరు బెంచీ వైపు చూడలేదు.

దర్జీ లేచి, చూసేవాళ్ళకి అడ్డంగా కట్టిన తాడు దాకా వచ్చాడు. "అమ్మా, మెత్త కుడి వైపుంది."

"ఈ రైఫిలు వెనక్కి పెద్దగా తన్నదండీ. మెత్త లేకపోయినా ఫర్వాలేదు."

ఫర్వాలేదు అన్న మాటని ఆయన ఎన్నడూ కొట్లోకి రానివ్వలేదు. ఎడమ భుజం మీద బట్ట ఎలా పడుతుందో దగ్గర్నుంచి చూడాలని అడిగాడు. ఆవిడ ఆలోచించి, ఆయనకీ కళ్ళద్దాలూ చెవి డిప్పలూ తగిలించి, టీచరు వెనక రెండడుగుల దూరంలో నిలబెట్టింది. అక్కడ కట్టుబాటు ఒకటే: ఆపండి అనేదాకా ఎవరూ అరవకూడదు, గభాల్న కదలకూడదు.

ఆయన ముందుకి వంగి భుజం చూస్తున్నాడు. టీచరుకి ఎడమ పక్క బేకరీ ఆయన కాల్చి, రైఫిలు బోల్టు వెనక్కి లాగాడు. తూటా పోగా మిగిలిన ఇత్తడి గుల్ల, ఇంకా కాలుతున్నది, గాల్లోకి లేచి, ఎండలో మెరిసి, దర్జీ చొక్కాలో పడింది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్లో పడ్డట్టయింది. చూడ్డానికి వచ్చినవాడికి బొత్తాలెందుకని ఆయన పై రెండూ వదిలేశాడు. గుల్ల ఛాతీ మీదుగా జారి, నడుము పట్టీ దగ్గర ఆగి, అక్కడే స్థిరపడింది. దర్జీ కదల్లేదు. ముఖం రంగు మాత్రం మారింది. బేకరీ ఆయన ఇంకో మూడు కాల్చాడు, నిదానంగా, నేర్పినట్టే. ఆ తర్వాత "ఆపండి" అని వినిపించింది.

దర్జీ చొక్కా బయటికి లాగి గుల్లని కింద పడేశాడు. నేర్పే ఆవిడ వచ్చి చూసింది. పొట్ట మీద చిక్కుడు గింజంత ఎర్రటి మచ్చ.

"కాగితంలో బొత్తాల సంగతి రాసింది నేనేనండీ" అంది. "నాకూ అక్కడే పడింది."

విరామంలో దర్జీ నీడలో కూర్చుని చొక్కా ఒళ్ళో వేసుకున్నాడు. టీచరు లోపలి బనీను మీద వానకోటు వేసుకుని పక్కనే కూర్చుంది. ఆయన కుట్లు విప్పి, మెత్త తీసి, ఎడమ వైపుకి మార్చి చేత్తో కుట్టడం మొదలుపెట్టాడు.

"మండుతోందా?" అంది.

"లేదు."

"మండుతోంది."

"కొంచెం."

ఆమె నీళ్ళ సీసా ఇచ్చింది. ఆయన దాన్ని పొట్టకి ఆనించుకుని, "ఇంతకీ ఇదెందుకు పట్టుకున్నావు? నిజం చెప్పు" అన్నాడు.

ఆమె మట్టికట్ట వైపు చూసింది. దూరంగా ఎవరో కొత్త కాగితాలు తగిలిస్తున్నారు.

"బళ్ళో ఎప్పుడూ మోతేనండీ. ఇంటికొస్తే కింద కొట్లో మీ మిషను. ఆ చెవి డిప్పలు పెట్టుకుంటే నా ఊపిరి నాకు వినిపిస్తోంది. ఇంతకుముందు ఎప్పుడూ వినలేదు."

"ఎలా ఉంది?"

"కొంచెం ఆయాసం ఉంది."

దర్జీ దారం కొరికి చొక్కా దులిపి ఇచ్చాడు. ఆమె వేసుకుంది. ఇప్పుడు ఎడమ భుజం ఒకంగుళం పైకి లేచి, ఎవరో పిలిస్తే సగం తిరిగిన మనిషిలా ఉంది. కొట్లో అయితే అలాంటి చొక్కా గడప దాటేది కాదు. ఆయన మెడ పట్టీ సరిచేసి, బొత్తం తనే పెట్టి, "వెళ్ళు" అన్నాడు.

మధ్యాహ్నం ఆమె పది కాల్చింది. నాలుగు మట్టికట్టలోకి పోయాయి. ఆరు కాగితానికి తగిలాయి, వాటిలో ఒకటి మధ్య నల్లచుక్క అంచుని కొరికింది. నేర్పే ఆవిడ మొదటి రోజుకి మంచిదేనంది. టీచరు కాగితాన్ని చాలాసేపు చూసింది, మార్కులు తగ్గించడానికి చోటు వెతుకుతున్నట్టు. తర్వాత చుట్టి సంచీలో పెట్టుకుంది. ముఖం నవ్వులా లేదు కానీ, దర్జీకి ఆ ముఖం కొత్తగా ఉంది. మళ్ళీ మళ్ళీ చూశాడు.

బస్సు కోసం నిలబడ్డప్పుడు తమ్ముడు ఫోన్ చేసి, ఎన్ని తగిలాయని అడిగాడు.

"ఏడు" అన్నాడు దర్జీ. "ఒకటి నాకు."

ఫోన్ పెట్టేశాక ఆమె, రోడ్డు వైపే చూస్తూ, "వచ్చే నెల ఇంకో క్లాసు మొదలవుతుందట. మీ పేరు రాయించాను" అంది.

"నాకెందుకే ఇవన్నీ?"

"మీరు రోజంతా ఆ మిషను మోతలో ఉంటారు కదా."

బస్సు వచ్చింది. ఇద్దరికీ చోటు దొరికింది. రెండు స్టాపులు దాటాక దర్జీ చొక్కా మీద నుంచే మచ్చని తడుముకుని, "పొద్దున్నే ఎన్నింటికి రమ్మన్నారు?" అని అడిగాడు.