ఎడమ పెడలు మీద ఎర్ర చుక్క

ఆ ఉదయం సైకిళ్ల దుకాణంలోకి మొదట వచ్చినవాడు మేస్త్రి, తరువాత బిల్లులు రాసే ఆమె, చివరగా యజమాని. షట్టరు తాళంచెవి మేస్త్రి మొలతాడుకే ఉండేది కనుక ఆ వరుస ఏళ్ల తరబడి మారలేదు. యజమాని కుర్చీలో కూర్చునే సరికి మేస్త్రి నేల మీద పాత ట్యూబు ముక్క పరుచుకొని, దాని మీద మోకాళ్లు ఆనించి, ఒక సైకిలుకు ఎడమ పెడలు బిగిస్తున్నాడు.

ఎడమ పెడలు మర తక్కిన మరలకు విరుద్ధం. కుడివైపు తిప్పితే ఊడుతుంది, ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. బిగింపు పూర్తయ్యాక అతను పెడలు ఇరుసుకూ అది దిగిన క్రాంకు కడ్డీకీ కలిసేటట్టు ఒక ఎర్ర చుక్క పెట్టేవాడు. మర ఏమాత్రం వదులైనా చుక్క రెండుగా చీలి కనిపిస్తుంది. ఆ ఎరుపు బిల్లులు రాసే ఆమె ఇచ్చిన గోళ్లరంగు.

“సీసా అడుగంటింది బాబాయ్. ఈసారి గులాబీరంగు తెస్తాను.”

“వద్దు తల్లీ. గులాబీ పెడితే సైకిలు సిగ్గుపడి ఇల్లు కదలదు.”

అతను బక్కపలచని మనిషి. బొటనవేళ్ల గోళ్లు నిలువునా చీలి, ఆ చీలికల్లో గ్రీజు శాశ్వతంగా స్థిరపడింది. కళ్లజోడుకు ఒకవైపు కాడ బదులు బ్రేకు తీగ ముక్క ఉండేది. కొన్నాళ్లుగా ఎడమ కంటికి పొగపట్టినట్టు తెర అడ్డుపడుతోంది. ఈ సంగతి అతను భార్యకు కూడా చెప్పలేదు. యజమానికి ఒక్కడికే చెప్పుకున్నాడు. ఇరవై ఆరేళ్ల క్రితం వాళ్లిద్దరూ రోడ్డు పక్కన ఒకే గొడుగు కింద పంక్చర్లు వేసినవాళ్లు.

“చూపు తగ్గిన మేస్త్రి చేతికి సైకిలు ఎవరిస్తారు? ఎక్కడా అనకు తమ్ముడూ,” అన్నాడు ఆనాడు.

“నా నోరు దాటితే అడుగన్నా,” అని యజమాని అతని భుజం మీద చెయ్యి వేశాడు.

పది గంటలకు ఒక నర్సు సైకిలును ఒంటిచేత్తో నడిపించుకుంటూ లోపలికి వచ్చింది. ఎడమ మణికట్టుకు పిండికట్టు ఉంది. మేస్త్రి ఆమెను గుర్తుపట్టాడు. మూడు వారాల క్రితం ఒక సాయంత్రం వచ్చి, ఆసుపత్రికి సైకిలు మీద వెళ్లదలచుకున్నానని, బూట్లూ పెడళ్లూ ఎలాంటివి కొనాలో తెలియదని అడిగింది. ఆనాడు అతను ఆమె అరికాలిని చేతిలోకి తీసుకొని, వేళ్ల మొదట ఉబ్బెత్తుగా ఉండే చోటును బొటనవేలితో నొక్కి చూశాడు.

“రోజంతా నిలబడే పాదమమ్మా ఇది. ముందు ఆరునెలలు బల్లపరుపు పెడళ్లు చాలు. అడుగు గట్టిగా ఉన్న మామూలు బూట్లు వేసుకోండి. ఎప్పుడంటే అప్పుడు కాలు నేల మీద ఆనాలి. పెడలుకి అతుక్కునే క్లిప్పు బూట్లు తర్వాత చూద్దాం. అవి కొన్నా, గోడ పట్టుకుని మడమ బయటికి తిప్పి ఊడదీయడం యాభైసార్లు చేయిస్తాను. అప్పుడుగానీ మిమ్మల్ని రోడ్డెక్కనివ్వను.”

ఆలోచించుకొని వస్తానని ఆమె వెళ్లిపోయింది. మళ్లీ ఎప్పుడు వచ్చిందో అతనికి తెలియదు. ఇప్పుడు ఆమె సైకిలుకు ఉన్నవి క్లిప్పు పెడళ్లు.

“సిగ్నలు దగ్గర ఆగాను. కాలు ఊడి రాలేదు,” అంది నర్సు. “ఎవరూ గుద్దలేదు. అందరూ చూస్తుండగా సైకిలుతో సహా పక్కకి ఒరిగిపోయాను. సైకిలు ఇక్కడ వదిలి వెళ్లి తర్వాత తీసుకున్నాను. ఇవి ఎవరు బిగించారో చెప్పండి, చాలు.”

మేస్త్రి వంగి చూశాడు. పట్టు సరిచేసే చిన్న మరను కొసదాకా బిగించేశారు. కొత్తవాళ్లకు దానిని పూర్తిగా వదులు చేసి ఇవ్వాలి. ఎడమ ఇరుసు మీద చుక్క లేదు. అతను తలెత్తి యజమాని వైపు చూశాడు.

యజమాని బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. “మా దగ్గర బిగింపులన్నీ ఇతనే చేస్తాడండీ,” అన్నాడు. ‘అన్న’ పోయి ‘ఇతను’ వచ్చింది. “ఏం చేయమంటారు? వయసు మీద పడింది. ఎడమ కన్ను కూడా సరిగ్గా ఆనడం లేదు పాపం. పాతవాడు కదా అని ఉంచుకున్నాను.”

నర్సు చూపు అప్రయత్నంగా మేస్త్రి కంటి మీదికి వెళ్లింది. అతని చెయ్యి కళ్లజోడు వైపు లేచి, మధ్యలోనే ఆగిపోయింది.

“అబద్ధం సార్ అది.” బిల్లులు రాసే ఆమె లేచి నిలబడింది. “ఈ పెడళ్లు వేసిన రోజు బాబాయ్ దుకాణంలోనే లేడు. ఏదో పనుందని మధ్యాహ్నమే వెళ్లాడు, మీరే పంపారు. పెడళ్లు మీ చేత్తో మీరే బిగించారు. ‘ఈపాటిదానికి అన్న ఎందుకు’ అని కూడా అన్నారు. బాబాయ్ బిగిస్తే ఎర్ర చుక్క ఉంటుందమ్మా. చూడండి, ఉందా?”

“నీ పని నువ్వు చూసుకో, నీకెందుకు ఇవన్నీ?” యజమాని గొంతు పెంచాడు. “చుక్క పెట్టడం మర్చిపోయి ఉంటాడు.”

“మర్చిపోలేదు తమ్ముడూ,” అన్నాడు మేస్త్రి.

ట్యూబు ముక్క మీద మోకరిల్లి క్లిప్పు పెడళ్లు రెండూ ఊడదీశాడు. మరలకు గ్రీజు రాసి, బల్లపరుపు పెడళ్లు ఎక్కించి, తాపీగా బిగించాడు. ఎర్ర చుక్క పెట్టి, ఆరేదాకా నోటితో ఊదాడు.

“చెయ్యి బాగయ్యాక ఎక్కండమ్మా. ఎప్పుడైనా చుక్క చీలితే ఏ మేస్త్రికైనా చూపించండి.”

“మీకే చూపిస్తాను.”

అతను గుడ్డతో చేతులు తుడుచుకొని, మొలతాడు నుంచి తాళంచెవి విప్పి, యజమాని ముందు పెట్టాడు.

“ఏంటన్నా ఇది, ఒక్క మాటకే...”

“కన్ను సంగతి నీకొక్కడికే చెప్పాను,” అని, మెట్లు చూసి చూసి దిగి, వీధిలోకి వెళ్లిపోయాడు.

మరునాడు షట్టరు ఎత్తడానికి యజమానే ముందు రావలసి వచ్చింది. రెండో మనిషి రాలేదు, ఆమెను యజమానే పనిలోకి రావద్దన్నాడు. ఆ దుకాణంలో తన కొలువును లెక్కచేయక ఉన్నది ఉన్నట్టు చెప్పిన వ్యక్తి, బిల్లులు రాసే ఆమె ఒక్కతే. అందుకు అక్కడ ఎవరూ ఆమెను అభినందించలేదు కనుక, ఆమె చేసిన పనిని ఇక్కడ సగౌరవంగా గుర్తించడమైనది. రెండు మోకాళ్ల గుంటలు పడిన ట్యూబు ముక్క పక్కన గోళ్లరంగు సీసా ఉండిపోయింది. అడుగున ఇంకా ఒకటి రెండు చుక్కలకు సరిపడా ఎరుపు ఉంది.