పరుపు కింద గ్లవ్

సెప్టెంబరు తొలి ఆదివారం, బేస్‌బాల్ సీజన్‌లో ఆఖరి ఆటకు మూడు గంటల ముందు, వెర్లన్ టిబెట్స్ షార్ట్‌స్టాప్ గ్లవ్ పోయింది. ఎవరూ ఎత్తుకుపోలేదు. అలవాటు ప్రకారం దానిలో ఒక బంతి పెట్టి, తాడు చుట్టి, మోటెల్ గదిలో పరుపు కింద దూర్చి పడుకున్నాడు. పొద్దున లేచి, పరుపు ఎత్తకుండానే బస్సెక్కాడు. పదహారేళ్లుగా గ్లవ్‌ను పరుపు కింద పెట్టే మనిషి దాన్ని మరిచిపోవడం ఇదే మొదటిసారి. ఇన్నాళ్లూ గుర్తు చేయడానికి భార్య డోరిన్ ఉండేది.

పద్దెనిమిదో ఏట అతణ్ని షార్ట్‌స్టాప్‌గానే తీసుకున్నారు. రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ నిలబడే ఆ చోటంటే అతడికి ప్రాణం. రెండో వారంలోనే తనకంటే చురుకైన కుర్రవాడొకడు దిగాడు. నాలుగు రోజులు రెండో బేస్ చూసుకో అన్నారు. తర్వాత మూడో బేస్‌వాడి మణికట్టు విరిగింది. మొదటి బేస్‌వాడికి కవలలు పుట్టారు. కుడి మూలవాడు కప్పను పట్టబోయి కాలు బెణికించుకున్నాడు. ఎక్కడ చిరిగితే అక్కడ వేసే మాసిక అయ్యాడు వెర్లన్. అయోవాలోని చిన్న ఊళ్లన్నీ అతణ్ని చూశాయి గాని, ఒకే చోట వరుసగా నెల రోజులు ఏ ఊరూ చూడలేదు.

అతడు ఎక్కడ నిలబడితే దానికి దగ్గరి బల్ల మీదికి డోరిన్ మారేది. వేరుశనక్కాయల పొట్లం, గొడుగు, కూర్చునే దిండు పట్టుకుని ఆట మధ్యలో బయల్దేరితే జనం కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చేవారు. ఒక్క ఆటలో తొమ్మిది చోట్లా నిలబడితే తాను మైదానం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి ఇక కదలకుండా కూర్చుంటానని, మోకాళ్లు అరిగిపోయాయని అనేది. ఏటా చలికాలంలో షార్ట్‌స్టాప్ గ్లవ్ తోలుతాడు విప్పి కొత్తది ఎక్కించి, తనకు మాత్రమే వచ్చిన ముడి వేసేది. ఈ ఫిబ్రవరిలో చనిపోయింది.

ఆ ప్రదక్షిణ సంగతి జట్టు మేనేజరు బర్ల్ మెకాలీకి తెలుసు. వెర్లన్ ఆటకు ఇదే ఆఖరి రోజని కూడా తెలుసు. అందుకే ఇన్నింగ్స్‌కు ఒక చోటు చొప్పున తొమ్మిదీ ఆడిస్తానన్నాడు. ఆట మొదలయ్యే వేళకు గ్లవ్ పోయిందని తెలిశాక షార్ట్‌స్టాప్‌ను తొమ్మిదో ఇన్నింగ్స్‌కు జరిపి, బస్సు డ్రైవరు లెమ్‌ను నలభై మైళ్ల అవతలి మోటెల్‌కు తోలాడు.

వెర్లన్ మైదానం చివర కుడి మూల, నడుమ, ఎడమ మూల ముగించాడు. మూడో బేస్, రెండో బేస్, మొదటి బేస్ అయ్యాయి. ఏడో ఇన్నింగ్స్‌లో బ్యాటరు వెనక క్యాచర్‌గా గొంతుక్కూర్చుంటే లేవడానికి అంపైరు చెయ్యి అందించాల్సి వచ్చింది. అప్పటికి వెర్లన్ జట్టు రెండు పరుగులు ముందుంది. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి విసరడానికి దిగాడు. మొదటి బంతి అంపైరు తల మీదుగా వెళ్లింది. రెండోది అవతలి జట్టు మస్కట్ కోడికి తగిలింది. మూడోది మాత్రం చక్కగా నడిమికి వెళ్లింది, దాన్ని బ్యాటరు కంచె దాటించాడు. ఇద్దరు అవుటయ్యేసరికి మూడు పరుగులు పోయి, జట్టు ఒక పరుగు వెనకబడింది.

అప్పుడు మెకాలీ మైదానంలోకి పరుగెత్తాడు. అరవై రెండేళ్ల మనిషి పరుగెత్తడం చూసి ఎవరో పోయారనుకున్నారంతా.

"ఒరే వెర్లన్, మన బుర్రల్లో ఏముందిరా? మనం వచ్చింది ఎవరింటికి?"

"వీళ్లింటికి."

"ఆఖరున బ్యాటు పట్టేది ఎవరు?"

వెర్లన్ స్కోరుబోర్డు వైపు తిరిగాడు. ప్రతి ఇన్నింగ్స్‌లో ఇంటి జట్టు రెండో సగంలో బ్యాటు పడుతుంది; తొమ్మిదో దాంట్లో అప్పటికే ముందుంటే ఆ సగం ఆడనక్కర్లేదు. గెలిచినవాళ్లు మళ్లీ బ్యాటు పట్టరు. వాళ్లు బ్యాటు పట్టకపోతే వెర్లన్ జట్టు మైదానంలో నిలబడేది లేదు. ఇద్దరికీ కలిపి బేస్‌బాల్‌లో యాభై ఏళ్లు, ఇద్దరిలో ఒక్కడికీ ఇది తట్టలేదు.

"ఈ సగం ముగియడానికి ఇంకొకణ్ని అవుట్ చెయ్యాలి," అన్నాడు మెకాలీ. "ఇప్పుడే పోయి షార్ట్‌స్టాప్‌లో నిలబడు. నీ రెండో బేస్ గ్లవ్ తగిలించుకో. ఆ ఒక్క అవుట్ చాలు, తొమ్మిదీ అయిపోతాయి."

"లెమ్ వస్తాడు స్కిప్పర్."

"లెమ్ తోలే బస్సును ఆవులు దాటిపోతాయిరా."

"ఆ చోట ఎప్పుడూ డోరిన్ కట్టిన దానితోనే ఆడాను."

మెకాలీ టోపీ తీసి లోపల ఏదో రాసి ఉన్నట్టు చూశాడు.

"అయితే ఈ ఒక్కణ్ని అవుట్ చెయ్యి," అన్నాడు చివరికి. "దేవుడి దయవల్ల వాడికి నీ బంతి అందకుండా పోవాలి."

నిజంగానే అందలేదు. బంతి అంత నెమ్మదిగా వస్తుందని అనుకోక బ్యాటరు మూడుసార్లూ ముందే ఊపేసి, నేల మీద కూర్చున్నాడు.

తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వెర్లన్ జట్టు వంతు వచ్చింది. ఇద్దరు అవుటయ్యారు, మూడో బేస్‌లో ఒకడున్నాడు; వాడొచ్చేస్తే స్కోరు సమమై, ఇంటి జట్టు బ్యాటు పట్టక తప్పదు. వెర్లన్ బ్యాటు పట్టుకునేసరికి బయట బస్సు హారను మోగింది. లెమ్ గ్లవ్ ఎత్తిపట్టుకుని కంచె దగ్గరికి వచ్చాడు. ఆ గదిలోకి చేరిన మిషన్లమ్మే లావుపాటాయన పరుపు మీద నిద్రపోతున్నాడట. అయిదేళ్ల నడుంనొప్పి ఈ పూటే తగ్గింది, కింద ఏముందో గాని, తీయొద్దని బతిమాలాడట. ఆయన్ను ఒప్పించడానికే ముప్పావుగంట పట్టింది.

వెర్లన్ బలంగా కొట్టాడు. బంతి నేల మీద దూసుకుంటూ రెండో, మూడో బేస్‌ల నడుమకు, తాను నిలబడాల్సిన చోటికే వెళ్లింది. ఇంటి జట్టు షార్ట్‌స్టాప్, పందొమ్మిదేళ్లవాడు, పక్కకు దూకి దాన్ని పట్టి, మోకాళ్ల మీదినుంచే విసిరాడు. వెర్లన్ కాలు మొదటి బేస్‌ను తాకడానికి ముందే బంతి చేరింది; మూడో అవుట్, ఆట అయిపోయింది.

"బాగా పట్టాడు," అన్నాడు వెర్లన్ అంపైరుతో. అంపైరు తన తప్పేమీ లేదన్నట్టు చేతులు చాపాడు.

జనం లేచి వెళ్లారు. లెమ్ గ్లవ్ ఇచ్చాడు, ఇంకా వెచ్చగా ఉంది. వెర్లన్ లోపలి బంతి తీసి, ముడి తడిమి చూశాడు. మూడో బేస్ వెనక, షార్ట్‌స్టాప్‌కు దగ్గరి బల్లల వైపు ఒకసారి చూసి, సంచి భుజాన వేసుకున్నాడు. మరుసటి ఏడు అతణ్ని ఏ జట్టూ పిలవలేదు. షార్ట్‌స్టాప్‌లో ఆ ఒక్క ఇన్నింగ్స్ అతడు ఆడలేదు.