ముందు వైపు మెట్లు

మా అక్కకి నా జబ్బుతో పేచీ లేదు. జబ్బు ఎవరికైనా వస్తుందని ఆవిడే అంటుంది. ఆవిడ పేచీ అంతా మెట్లతో.

డ్రైవింగ్ స్కూలు మెట్లవి. కింద టైర్ల దుకాణం, దాని పక్కనుంచి నేరుగా రోడ్డు మీదికి దిగే మెట్లు, పైన గోడ నిండా ట్రాఫిక్ గుర్తుల చార్టులున్న ఒక గది. ఆదివారం సాయంత్రం అక్కడ కారు నేర్చుకునేవాళ్ళుండరు. మేముంటాం. తాగుడు మానేవాళ్ళు, పేకాట మానేవాళ్ళు, మందుబిళ్ళలు మానే నేను. కుర్చీలు గుండ్రంగా వేసుకుని, ఆ వారం ఎలా గడిచిందో ఒకళ్ళకొకళ్ళం చెప్పుకుంటాం. డ్రైవింగ్ మాస్టారు కూడా ఒకప్పుడు పీకలదాకా తాగినవారే, అందుకే గది ఊరికే ఇచ్చారు.

సరిగ్గా ఆ మెట్లకెదురుగా, రోడ్డుకవతల మా బావ కళ్ళద్దాల షాపుంది. చూపు ఆననివాళ్ళందరూ అక్కడికే వస్తారు. కొత్త అద్దాలు పెట్టి "ఇప్పుడు కనపడుతోందా?" అని మా బావ అడగ్గానే వాళ్ళు తలెత్తి చూసేది ఆ మెట్లనే. నేనెక్కుతుంటే నన్నే. ఇంక మా అక్క కడుపు మండదా?

నేను బడిపిల్లల యూనిఫారాలు కుట్టే టైలర్ని. పొద్దున మెషీను మీదికి వంచిన మెడ సాయంత్రానికి గానీ ఎత్తేదాన్ని కాదు. ఆ మెడ పట్టేసి, నొప్పి భుజంలోకి దిగింది. డాక్టరు బిళ్ళలు రాశాడు, వేసుకున్నాను. నొప్పి పోయింది. దాంతోపాటు మా ఆయన వదిలేసి వెళ్ళాడన్న ఏడుపు కూడా పోయింది. అన్నీ ఎక్కడో, ఎవరికో జరుగుతున్నట్టుండేవి. అబద్ధమెందుకు, హాయిగా ఉండేది. ఆ హాయి మొదట్లోనే. తర్వాత్తర్వాత హాయి కోసం కాదు, మామూలుగా నిలబడడానికే వేసుకోవాల్సి వచ్చింది. వేసుకోకపోతే చెమటలు, వణుకు, సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఈ మాట చెబితే "మనసు గట్టి చేసుకోవచ్చుగా" అంటారు. జ్వరంతో పడుకున్నవాణ్ణి అనండి చూద్దాం, మనసు గట్టి చేసుకుని చల్లబడమని!

ఒకరోజు మా పాప బడినుంచి వచ్చి ఎంత లేపినా నేను లేవలేదట. అది భయపడి పెద్దమ్మకి ఫోన్ చేసింది. అక్కా బావా పరిగెత్తుకొచ్చి నన్ను ఆస్పత్రిలో చేర్చారు, పాపని వాళ్ళింటికి తీసుకెళ్ళారు. ఆ మేలు చచ్చేదాకా మర్చిపోను, అందులో రెండో మాట లేదు. ఆస్పత్రిలో డాక్టరమ్మ బిళ్ళలు ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు, "ఒంట్లోంచి తీసేశాం. తలలోంచి పోవడానికి టైం పడుతుంది. ఒక్కదానివే కూర్చోకు, ఆ డ్రైవింగ్ స్కూలు వాళ్ళ దగ్గరికి వెళ్ళు" అంది.

వెళ్ళిన మొదటిరోజు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వీళ్ళంతా తాగుబోతులు, నేనేమో డాక్టరు రాసిన మందు వేసుకున్న మర్యాదస్తురాలిని! ఆ పొగరు కనిపెట్టినవాడు మోటార్లకి వైండింగ్ చేసే ఒకాయన. ఆయన స్కూటరు సైలెన్సర్ పగిలి వీధి చివర్నుంచే వినపడుతుంది, ఆయన నోరు దానికంటే ముందే వినపడుతుంది. అందుకని అందరూ ఆయన్ని సైలెన్సర్ అనే పిలుస్తారు.

"చెల్లెమ్మా, నాది సీసాలో వచ్చింది, నీది అట్టలో వచ్చింది. ప్యాకింగు తేడా అంతే, సరుకొకటే" అన్నాడు.

అందరూ ఘొల్లుమన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళి కుక్కరు పెడుతుంటే నాకూ నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మెల్లిగా తేరుకుని మళ్ళీ మెషీను మీద కూర్చున్నాను. ఇక పాపని తెచ్చుకోవడమే మిగిలింది. అడిగితే అక్క మా ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని, గదంతా ఒకసారి పరకాయించి చూసింది.

"పంపిస్తాను. నీ కూతుర్ని నేనేం చేసుకుంటానే? కానీ ముందు ఆ మీటింగులు మానెయ్."

"అక్కా, వాటివల్లేగా నేను ఇలా ఉన్నది!"

"నయమైపోయిందిగా, ఇంకా ఆ తాగుబోతుల మధ్య నీకేం పని? మీ చెల్లెలు కనపడట్లేదేమని షాపులో ప్రతివాళ్ళూ అడుగుతుంటే, ఊళ్ళో లేదని చెప్పి చచ్చాను. ఆ వారమే మెట్లెక్కుతూ కనపడ్డావ్! నా మొహం ఎక్కడ పెట్టుకోను? పాపకి పన్నెండేళ్ళొచ్చాయి, పెద్దదవుతోంది. రేపు దాన్ని నలుగురూ ఏమంటారు?"

"పాప ఏమంటోంది?"

"దానికేం తెలుసు, చిన్నపిల్ల!"

అదీ మా అక్క. పాప ఒక్క నిమిషంలో పెద్దదీ అవుతుంది, చిన్నదీ అవుతుంది. అయినా నేను నోరు మూసుకుని ఒప్పుకున్నాను. కూతురు కావాలి కదా. ఆ ఆదివారం వెళ్ళలేదు, మరుసటి ఆదివారమూ వెళ్ళలేదు. అక్కేమో "ఇంకొన్నాళ్ళు చూద్దాం" అంది.

ఇంటి నాలుగు గోడలూ, నేనూ, మెషీనూ. ఎవరితోనైనా చెప్పుకుంటే తేలికయ్యేవన్నీ లోపలే కూర్చుని బిళ్ళ, బిళ్ళ అని రొద పెట్టాయి. ఒక మధ్యాహ్నం గుండీలు కొనాలని బజారుకెళ్ళాను. గుండీల కొట్టు ఎడమవైపుంటే నా కాళ్ళు కుడివైపు తిరిగాయి. మందుల షాపువాడు నన్ను చూస్తూనే, "చాన్నాళ్ళకి కనపడ్డారు మేడం" అంటూ అడక్కుండానే బిళ్ళల అట్ట తీసి గాజు బల్ల మీద పెట్టాడు. వాడి జ్ఞాపకశక్తి మండిపోను! నా చెయ్యి వెళ్ళి దాని మీద పడింది. ఇంకో చేత్తో ఎలా చేశానో, సైలెన్సర్ అన్నకి ఫోన్ చేశాను.

"అన్నా, మందుల షాపు దగ్గరున్నాను."

ఆ మనిషి ఒక్క ముక్కలో మాట్లాడ్డం వినడం అదే మొదటిసారి.

"దాని మీంచి చెయ్యి తియ్" అన్నాడు.

చెయ్యి దాని మీదుందని నేను చెప్పనేలేదు. గబుక్కున తీసేశాను. కొట్టులో కాకుండా రోడ్డు మీద నిలబడమన్నాడు, నిలబడ్డాను. కాసేపటికి స్కూటరు చప్పుడు వినపడింది. చేతులకున్న గ్రీజు కూడా కడుక్కోకుండా వచ్చేశాడు. తిట్టలేదు, బుద్ధులు చెప్పలేదు. రెండు టీలు పట్టుకొచ్చి, మూసేసిన ఓ కొట్టు మెట్టు మీద నన్ను కూర్చోబెట్టాడు. నేను వెక్కి వెక్కి ఏడుస్తుంటే, కాలిపోయిన మోటారులో రాగితీగ ఎలా నల్లబడుతుందో చెప్పుకుంటూ పోయాడు. నా ఏడుపు ఆగేదాకా ఆయన మోటార్లు ఆగలేదు. అప్పుడు అక్క పెట్టిన షరతు చెప్పాను.

"నేనూ అంతే చేశా చెల్లెమ్మా. పిల్లల మీద ఒట్టేసి, ఇంట్లోనే ఎవరికీ తెలీకుండా మానేస్తానని తలుపులేసుకున్నా. సాయంత్రానికల్లా ఒట్టు తీసి గట్టున పెట్టా. సరేగానీ, పుండు తగ్గిపోతే ఏమంటాం?"

"మానిందంటాం."

"తాగుబోతు తాగుడు వదిలేస్తే?"

"మానాడంటాం."

"మరి! రెంటికీ ఒకటే మాట. ఎవరూ చూడకూడదని పుండు మీద గుడ్డ చుట్టి, చుట్టి, గాలి తగలకుండా దాచిపెడితే మానుతుందా?"

"కుళ్ళుతుంది."

"నేనన్లేదు. నువ్వే అన్నావ్" అని టీ గ్లాసులు తిరిగిచ్చెయ్యడానికి లేచాడు.

పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ మాట అంటూనే ఉన్నాను, ఒక్కనాడూ తట్టలేదు. నేను ఏదో పాడుపని మానేసినదాన్ని కాదు, మానుతున్న మనిషిని. మానుతున్నదానికి సిగ్గెందుకు? అక్కణ్ణించి లేచి తిన్నగా బావ షాపుకి నడిచాను.

షాపులో నలుగురైదుగురున్నారు. పాప బల్ల వెనక కూర్చుని కళ్ళజోళ్ళు తుడుస్తోంది. నన్ను చూసి సగం లేచి, పెద్దమ్మ వైపు చూసి మళ్ళీ కూర్చుంది. నా ప్రాణం ఉసూరుమంది.

"లోపలికి రా, లోపల మాట్లాడుకుందాం" అన్నాడు బావ గుసగుసగా.

"ఇక్కడే మాట్లాడతాను బావా. నేను మీటింగులకి వెళ్తాను. వెళ్ళకపోతే ఇవాళ ఏమయ్యేదో నాకు తెలుసు. పాపని కూడా పంపించండి."

"మెల్లిగా మాట్లాడవే!" అంది అక్క. "నీకు కూతురు కావాలా, ఆ తాగుబోతుల మీటింగు కావాలా? ఒకటి చెప్పు."

"రెండూ కావాలి."

మా బావ మంచివాడే. గొడవంటే గిట్టదు. నన్ను పక్కకి లాగి, "పోనీ ఒక పని చెయ్యమ్మా. ఆ బిల్డింగుకి వెనక సందులోంచి ఇనప మెట్లున్నాయి. అటునుంచి వెళ్ళు, అటునుంచే దిగు. ఎవరికీ కనపడకపోతే చాలు. పాపని రేపే పంపించే పూచీ నాది" అన్నాడు.

ఒట్టి మాట చెప్పను, నా మనసు లాగింది. ఊఁ అంటే రేపు ఈపాటికి పాప నా ఇంట్లో ఉంటుంది. కానీ నాకు ఆ దారి బాగా తెలుసు. గుండీల డబ్బాలో, దిండు గలీబులో, బియ్యం డబ్బా అడుగున బిళ్ళలు దాచిన దారి అదే.

"బావా, ఇన్నాళ్ళూ నేను దాక్కుని చేసిన పని ఒకటే, బిళ్ళలు మింగడం. మానడం కూడా దాక్కునే చెయ్యమంటే నావల్ల కాదు" అన్నాను. అక్కడితో ఆగొచ్చు కదా, నా నోరు ఆగదు. అద్దాలు పెట్టుకుని చూస్తున్నవాళ్ళ వైపు తిరిగి, "నేను ఊళ్ళో లేనని చెప్పారటగా. ఉన్నానండి. నొప్పి బిళ్ళలకి బానిసనైపోయాను, ఇప్పుడు మానుతున్నాను. ఎదురుగా ఆ మెట్లే ఎక్కుతాను, ఆదివారం మళ్ళీ చూడొచ్చు" అన్నాను.

"దీనికి కూతురొద్దు, దీని పంతమే కావాలి" అని అక్క ఏడుపు లంకించుకుంది. పాప తలెత్తలేదు. తుడిచిన అద్దాన్నే తుడుస్తోంది. నేను ఒట్టి చేతులతో ఇంటికొచ్చేశాను.

వీరంగమైతే వేశాను గానీ, ఆ వారమంతా ముద్ద దిగలేదు. పొగరుకి పోయి పిల్లని పోగొట్టుకున్నానా? సర్దుకుపోతే నా సొమ్మేం పోయేది? రోజూ సైలెన్సర్ అన్నకి ఫోన్ చేసి ఇదే పాట పాడాను. ఆయన తప్పనలేదు, ఒప్పనలేదు. "ఆదివారం రా" అన్నాడంతే.

ఆదివారం ఉతికిన చీర కట్టుకుని రోడ్డు మధ్యలోంచి నడిచి, ముందు వైపు మెట్లు ఒక్కొక్కటే ఎక్కాను. వీపు మీద చూపులు గుచ్చుకున్నాయి. గుచ్చుకోనీ. గదిలో నా వంతు వచ్చి నోరు విప్పబోతుంటే గుమ్మంలో పాప. భుజానికి బడి సంచీ, చేతిలో బట్టల సంచీ. మెట్లన్నీ పరిగెత్తుకుంటూ ఎక్కినట్టుంది, రొప్పుతోంది.

"అమ్మా పాపా, ఇక్కడ మాట్లాడుకునేవి ఇక్కడివాళ్ళే వినాలమ్మా" అన్నారు మాస్టారు నొచ్చుకుంటూ. "వెనక గదిలో బల్ల ఉంది, కాసేపు అక్కడ కూర్చో."

"వెనకొద్దండీ. కింద మెట్ల మీద కూర్చుంటా" అంది. కూర్చుంది కూడా. నేను ఆ రోజు ఏం మాట్లాడానో నాకే తెలీదు.

అయ్యాక దిగొస్తే, కింది మెట్టు మీద సరిగ్గా మధ్యలో కూర్చుని ఉంది, ఎక్కేవాళ్ళు తప్పుకుని పోవాలన్నట్టు. ఎదురుగా షాపు గుమ్మంలో అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. నేను పాప పక్కన చతికిలబడ్డాను.

"పెద్దమ్మ పిలవలేదా?"

"చాలాసార్లు పిలిచింది. వస్తున్నా, వస్తున్నా అంటూ కూర్చున్నా." బట్టల సంచీ ఒళ్ళోకి లాక్కుని అంది. "అమ్మా, నువ్వు ఊరెళ్ళావని కొంతమందికి చెప్పా. ఆపరేషనని కొంతమందికి చెప్పా. మా టీచర్‌కి ఇంకేదో చెప్పా. ఎవరికేం చెప్పానో కలిసిపోతోంది. ఇంక నావల్ల కాదు. షాపులో నువ్వన్నావు చూడు, అదే చెప్పెయ్యనా?"

"చెప్పెయ్" అన్నాను.

"మళ్ళీ వేసుకుంటావా?"

వేసుకోనని చెప్పెయ్యాలని నోటిదాకా వచ్చింది, కానీ నిజమే చెప్పాను. "వేసుకోవాలని ఉంటుంది. ఒక్కోసారి చాలా ఉంటుంది. అప్పుడు సైలెన్సర్ అన్నకి ఫోన్ చేస్తాను."

"ఆయన ఎత్తకపోతే? నాకు చేస్తావా? నేను క్లాసులోంచి వచ్చేస్తా. నువ్వు నిద్రపోతుంటే ఊపిరి ఆడుతోందో లేదో కూడా చూస్తా. ఇదివరకు రోజూ చూసేదాన్ని."

దాని మొహం రెండు చేతుల్లోకి తీసుకున్నాను.

"నీకు చెయ్యను. అది నీ పని కాదు తల్లీ. ఆయన ఎత్తకపోతే మాస్టారున్నారు, మాస్టారు ఎత్తకపోతే ఆ గదిలో గదెడు మంది ఉన్నారు. నన్ను చూసుకోవడానికి వాళ్ళున్నారు. నువ్వు హాయిగా నిద్రపో."

అది కళ్ళార్పకుండా నన్నే చూసింది. తర్వాత దాని భుజాలు కిందికి దిగాయి. అన్నాళ్ళూ అవి అలా బిగుసుకునే ఉన్నాయని, రోజూ భుజాల కొలతలు తీసుకునే నాకు, అప్పటిదాకా తెలీదు.

లేచి, గౌను దులుపుకుని, బట్టల సంచీ నా చేతికిచ్చింది. రోడ్డు వైపు తిరిగి, టైర్ల కొట్టువాళ్ళూ, షాపులోవాళ్ళూ, దారినపోయేవాళ్ళూ అందరూ ఆగి చూసేంత గట్టిగా అరిచింది.

"పెద్దమ్మా! నేను మా అమ్మతో ఇంటికెళ్తున్నా!"