రెండో గీత

"పట్టుకోండప్పా వాన్ని! పారిపోతాండాడు!"

సుంకప్ప పారిపోవడం లేదు. పారిపోవడానికి దారి కూడా లేదు. బేతంచెర్ల నాపరాయి గని అడుగున, నలుగురు మనుషులు అతన్ని రాతిగోడకు అదిమి పట్టుకున్నారు. అతని వేళ్ళ మీద, బండలకు గీతలు వేసే ఎర్రటి జాజురంగు ఇంకా ఆరలేదు.

అవతల మంచమంత బండ రెండు ముక్కలై పడి ఉంది. దాని కిందనుంచి అప్పుడే బయటికి లాగిన ఉరుకుందప్ప కాలు మోకాలి దిగువన పక్కకు తిరిగిపోయింది. అతని అరుపులకు గుంట మార్మోగుతోంది.

పై గట్టు మీద ఉలి పట్టుకుని నిలబడ్డ హుసేన్ వలికి పంతొమ్మిదేళ్ళు. ఆ బండను కొట్టింది అతనే. 

"సుంకప్ప రెండు గీతలు ఏసినాడు! ఈ కండ్లతో చూసినా. పైన ఒకటి, కింద ఒకటి!"

గనిలో గీత వేసే మనిషి వేరు, ఉలి పట్టే మనిషి వేరు. సుంకప్ప జాజు నీళ్ళలో ముంచిన దారాన్ని బండ మీద బిగించి, పైకి లాగి వదులుతాడు. ఎర్రటి గీత పడుతుంది. ఉలి ఆ గీత మీదే నడవాలి. గీత మీద అనుమానం వస్తే ఉలి పట్టినవాడు "గీత!" అని కేక వేయాలి. సుంకప్ప వచ్చి పాతది తుడిచి కొత్తది వేస్తాడు. కేక లేకుండా ఉలి దించితే గీతను ఒప్పుకున్నట్టే. నాలుగు వేళ్ళు కిందికి తప్పితే చాలు, గడ్డపారలు ఆనించకముందే బండ ఊడి జారుతుంది.

ఆ గురువారం అదే జరిగింది.

పగిలిన బండ మీద, ఉలి దెబ్బలకు పైన, ఒక గీత చెరగకుండా మిగిలి ఉంది. దాని కింద ఉలి నడిచిన చోట రెండోది ఉండేదో లేదో చెప్పడానికి రాతిపొడి తప్ప ఏమీ లేదు.

మేస్త్రీ పెద్ద ఈరన్నకు ఇంకే సాక్ష్యమూ అక్కరలేకపోయింది. మొన్ననే ఉరుకుందప్ప మేక సుంకప్ప కొర్రచేలో పడింది. "నీ కాలు ఇరగ్గొడతా" అని సుంకప్ప నలభైమంది ముందు అరిచాడు. ఇప్పుడు కాలు విరిగింది.

"సోమవారం ఎస్సై వస్తాడు" అన్నాడు మేస్త్రీ. "అంతదాంకా వీన్ని పనిముట్ల కొట్టంలో ఏసి గడియ పెట్టండి. హుసేనా, నువ్వే సాక్షివి. ఈడ చెప్పిందే ఆడ చెప్పాల."

సుంకప్ప తలెత్తి హుసేన్ వలిని చూశాడు. "ఒకటే ఏసినా హుసేనూ. నా బిడ్డల మీద ఒట్టు."

*

ఉరుకుందప్ప కాలికి బద్దలు కట్టడానికి వచ్చిన రైల్వే డాక్టరు చేతులు కడుక్కుంటూ ఆగిపోయాడు. ఎదురుగా హుసేన్ వలి పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటున్నాడు. పిండి కలుపుతున్నంత బలంగా నులుముతున్నాడు.

"ఇలా రా. కిందికి చూడు."

హుసేన్ కిందికి చూశాడు. కింది రెప్ప గుండ్రంగా ఉండాల్సింది, మధ్యలో మొనలాగా ముందుకు పొడుచుకొచ్చింది. డాక్టరు రెండో కన్నూ చూశాడు. అదీ అంతే.

"కెరటోకోనస్" అన్నాడు మెల్లగా. "నల్లగుడ్డు పల్చబడి మొన తేలుతోంది. పుస్తకంలో చదివానే గాని మనిషిలో చూడలేదు. ఇంతకంటే నాకు తెలీదు. కర్నూల్లో ఏసురాజు అని కళ్ళ స్పెషలిస్టు ఉన్నాడు. చీటీ రాసిస్తాను, ఆలస్యం చెయ్యొద్దు."

శనివారం తెల్లవారుజాము బండికి హుసేన్ వలి, తండ్రి ఖాసిం సాహెబ్ బయలుదేరారు. ద్రోణాచలంలో బండి మారారు. ఖాసిం సాహెబ్ ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన మనిషి. రెండేళ్ళ కిందట నడుము పడిపోతే సుత్తె కొడుకు చేతికి ఇచ్చాడు. ఇంట్లో సంపాదించే చెయ్యి ఇప్పుడు అదొక్కటే.

ఏసురాజు డాక్టరు సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. చీటీ చదివి, సొరుగులోంచి ఒక గుండ్రటి పలక తీశాడు. దాని మీద నల్లవీ తెల్లవీ వలయాలు, మధ్యలో చిన్న చిల్లు. హుసేన్‌ను కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టి, పలకను అతని ముఖం ముందు పట్టి చిల్లులోంచి చూశాడు.

"ఖాసిం సాహెబ్, మీరూ చూడండి."

ముసలాయన వంగి చూశాడు. కొడుకు కంటిలో వలయాలన్నీ మెరుస్తున్నాయి. కానీ అవి గుండ్రంగా లేవు. కింద సాగిపోయి, వంకరపోయి, వేడికి కరిగిన గాజుల్లా ఉన్నాయి.

"నా కంట్లో చూడండి ఇప్పుడు."

డాక్టరు కంట్లో వలయాలు చక్కగా గుండ్రంగా ఉన్నాయి. 

డాక్టరు తెల్లకాగితం తీసి, హుసేన్ చూస్తుండగానే, స్కేలు పెట్టి ఒక్క నల్లగీత గీశాడు. కాగితాన్ని గోడకు అంటించాడు. హుసేన్ ఎడమ కన్ను మూశాడు.

"ఎన్ని గీతలు?"

హుసేన్ మెడ ముందుకు చాచి మళ్ళీ చూశాడు.

"భయపడకు. ఎన్ని?"

"రెండు సామీ." వేలితో చూపించాడు. "పైది ఒకటి. దాని కింద ఇంకొకటి."

"అదే ఈ జబ్బు పని. ఉన్న గీతకు నీ కన్ను ఇంకో గీత కలుపుతుంది. ఎన్నాళ్ళ నుంచి?"

హుసేన్ వలి కాగితాన్నే చూస్తున్నాడు. డాక్టరు చెయ్యి ఒక్కసారే కదిలింది. అతను కళ్ళారా చూశాడు. అయినా గీతలు రెండు. గురువారం బండ మీద చూసినవే, అదే ఎడం, ఆ కింది గీతే.

"గుడ్డోడు అయితాడా సామీ?" ఖాసిం సాహెబ్ అడిగాడు.

"పూర్తిగా చూపు పోవడం అరుదు. కానీ ముదురుతుంది. మామూలు కళ్ళద్దాలు కొంతకాలమే పనికొస్తాయి. కంటి మీదే పెట్టే గాజు పెంకులు విదేశాల్లో చేస్తున్నారు. మద్రాసులో ఒకాయన వాటితో ప్రయత్నిస్తున్నాడు, ఆయనకు ఉత్తరం రాస్తాను. వెళ్ళడం మాత్రం మానొద్దు." డాక్టరు హుసేన్ మణికట్టు పట్టుకున్నాడు. ఆ చెయ్యి అప్పటికే కంటి దాకా వచ్చింది. "ఇది ముందు ఆపాలి. నులిమేకొద్దీ గుడ్డు ఇంకా పల్చబడుతుంది. రాతిపొడిలో ఉంటే నులమకుండా ఉండలేవు. ఉలి వదిలెయ్యి."

*

తిరుగు బండిలో ఖాసిం సాహెబ్ కొడుకు పక్కకు జరిగాడు. జబ్బు వివరిస్తూ డాక్టరు మద్రాసుకు రాసిన ఉత్తరం అప్పటికే అతని నడుము గుడ్డలో ఉంది.

"ఈ మాట ఈ రైలుపెట్టె దాటకూడదు. కండ్లు పోయినాయని తెలిస్తే నిన్ను గని గట్టు కూడా ఎక్కనీరు. అప్పుడు మద్రాసుకు యాడి దుడ్డుతో పోతావు?"

"సుంకప్ప సంగతో నాయినా?"

"కాలు ఇరగ్గొడతా అన్న్యాడు గదా. అందరూ ఇన్న్యారు."

"ఒకటే ఏసినాడు నాయినా."

"నువ్వేం దొంగసాక్ష్యం చెప్పడంల్యా. నీకు రెండే కనపడినాయి. అదే చెప్పు. అంతే."

అంతే. ఒక్క అబద్ధం కూడా అక్కరలేదు. హుసేన్ వలికి అదే ఎక్కువ భయమేసింది.

బేతంచెర్ల స్టేషన్లో దిగేసరికి సుంకప్ప భార్య హంపమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది. చేతిలో సద్దిమూట.

"కండ్లు చూపించుకొని వస్తాండారా మామా? శానా మంచిది" అంది ఖాసిం సాహెబ్‌తో. "మా ఆయనకూ చూపించాల. మూడు దినాలు కొట్టంలో ఉంచినారు, ఎలుతురు ఎట్లుంటాదో మర్చిపోయింటాడు."

"పక్కకు జరుగు తల్లీ."

"జరుగుతా. ఒక్క మాట ఈ పిల్లోన్ని అడిగి జరుగుతా. హుసేనూ, పోయిన వారం నువ్వు మూడుసార్లు 'గీత' అని కేకేసినావంట. మూడుసార్లూ మా ఆయన వచ్చి తుడిచి ఏసినాడంట. అందరూ నగినారంట, 'అచ్చం కొత్త పెండ్లికొడుకే, గీత మీద చూపు నిలవల్యా' అని. మా ఆయన ఒక్కసారన్నా నగినాడా?"

"లేదక్కా."

"మరి గురువారం ఎందుకు పిలవల్యా?"

హుసేన్ వలి దగ్గర జవాబు ఉంది. నవ్వుతారని. అందుకే నోరు మూసుకుని, రెండింటిలో తనకు తోచిన గీత మీద ఉలి దించాడు. ఖాసిం సాహెబ్ అతని రెక్క పట్టి లాక్కుపోయాడు.

*

సోమవారం గని గట్టున రేకుల కింద ఎస్సై కుర్చీ వేసుకున్నాడు. ఉరుకుందప్పను నులకమంచం మీద మోసుకొచ్చారు. సుంకప్పను కొట్టంలోంచి తెచ్చి నిలబెట్టారు. వెలుతురుకు కళ్ళు చికిలిస్తున్నాడు. ఐదు రోజుల్లో సగమయ్యాడు.

"చెప్పవోయ్" అన్నాడు ఎస్సై. "ఎన్ని గీతలు చూశావు?"

ఖాసిం సాహెబ్ జనంలో ముందు వరుసలో ఉన్నాడు. నడుము గుడ్డ మీద చెయ్యి వేసుకుని కొడుకునే చూస్తున్నాడు.

"రెండు సామీ" అన్నాడు హుసేన్ వలి.

జనంలోంచి పెద్ద నిట్టూర్పు. హంపమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. ఎస్సై కలం తీశాడు.

"ఆగండి సామీ. మేస్త్రీ, ఈ బండ మీద ఒక గీత ఎయ్యి."

"తమాషానా?"

"ఎయ్యప్పా. ఒకటే."

పెద్ద ఈరన్న విసుక్కుంటూ దారం ముంచి, బిగించి, వదిలాడు. టప్పుమంది. హుసేన్ వలి బండ మీదికి వంగి, జాజు మీద ఒక వేలు పెట్టాడు. దానికి నాలుగు వేళ్ళ దిగువన, ఉత్త రాతి మీద, ఇంకో వేలు పెట్టాడు.

"ఇది ఒకటి. ఇది రెండోది. మీకు ఎన్ని కనపడతాండాయి?"

 మంచం మీద ఉరుకుందప్ప మోచేతి మీద లేచాడు. "ఒకటే గదరా!"

"నాకు రెండు. గురువారమూ ఇంతే. నాయినా, డాక్టరు రాసిన కాగితం ఇయ్యి."

ఖాసిం సాహెబ్ చెయ్యి కదల్లేదు. హుసేన్ వలి వెళ్ళి తండ్రి ముందు నిలబడ్డాడు. పిడికిలి కంటి దగ్గరికి వెళ్ళింది. బలవంతంగా దించుకున్నాడు. ముసలాయన ఆ పిడికిలిని చూశాడు. మెల్లగా నడుము గుడ్డ విప్పాడు.

ఎస్సై కాగితం రెండుసార్లు చదివాడు. "అయితే తప్పు జబ్బుదంటావా? రిపోర్టులో జబ్బు పేరు రాయమంటావా?"

"వద్దు సామీ. జబ్బు రెండో గీత చూపించింది, అంతే. రెండు కనపడితే కేకెయ్యాల. నగుతారని సిగ్గుపడి నేను పిలవల్యా."

"నువ్వు ఒప్పుకుంటే ఈ గనిలో నీకు పని ఉండదు. తెలుసా?"

"తెలుసు సామీ."

"సరే." కలం కాగితాన్ని తాకింది. "గట్టిగా చెప్పు, అందరూ వినాలి. ఉరుకుందప్ప కాలు ఎవరి వల్ల విరిగింది?"

"హుసేన్ వలి. ఖాసిం సాహెబ్ కొడుకు హుసేన్ వలి."