బరువున్న మెట్లు

సిలోయె కొండ మీది పేదల బస్తీలోని సాంస్కృతిక భవనానికి నాలుగు కొత్త కీబోర్డులు వచ్చిన రోజున చప్పట్లు కొట్టనిది ఒదిలియా వివేరోస్ ఒక్కతే. ఆమె అక్కడి పియానో టీచరు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పొట్టి, భుజాలు మాత్రం వెడల్పు.

అంతకుముందు ఆ భవనంలో ఒక పాత చెక్క పియానో ఉండేది. కప్పు కారి తడిసి, తర్వాత చెదలు పట్టి, చివరికి మెట్టు నొక్కితే స్వరం బదులు పొడి రాలడం మొదలైంది. ఏడాదిగా పద్నాలుగు మంది పిల్లలు బల్ల మీద సుద్దతో గీసిన తెలుపు నలుపు మెట్ల మీద వేళ్ళు ఆడిస్తూ, స్వరాలు నోటితో పాడుకుంటూ నేర్చుకుంటున్నారు. కొండ కింద కాలీ అనే నగరంలోని ఒక ధర్మసంస్థ ఆ సంగతి విని ఈ నాలుగింటినీ పంపింది. ఎంపిక చేసింది ఆ సంస్థ సంగీత సలహాదారు ఎవారిస్తో లోసానో.

లోసానో ఆమెకు కొత్తవాడు కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట ఆయన నడిపిన సల్సా నృత్యసంగీత బృందంలో పియానో వాయించింది ఒదిలియానే. రెండేళ్ళు వాయించాక, సరిగ్గా డిసెంబరు ఉత్సవాలకు వారం ముందు, ఆమెను లేపి ఆ కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టాడు. ట్రంపెట్ల మధ్య ఆడదాని చెయ్యి వినబడదన్నాడు. ఆ తర్వాత ఆమె పెళ్ళిళ్ళలో, హోటళ్ళలో, ఆదివారం చర్చిలో వాయించి బతికింది. ఆయన జుట్టు నెరిసి పెద్దమనిషి అయ్యాడు.

"కీబోర్డులు అందినట్టు ఇక్కడ సంతకం పెట్టండి, దోన్యా ఒదిలియా," అని అమ్మగారూ అన్నంత మర్యాదగా లోసానో కాగితం చాపాడు.

ఆమె అందుకోలేదు. ఒక కీబోర్డు దగ్గరికి వెళ్ళి ఒకే మెట్టును ముందు మెల్లగా, తర్వాత గట్టిగా నొక్కింది. మెట్టు కింద ఏ బరువూ లేదు, ఖాళీ డబ్బా మూత నొక్కినట్టుంది. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా పలికింది ఒకే గొంతు. రెండోసారి కాస్త పెద్దగా పలికింది, అంతే.

"ఇది పియానో కాదు, ఎవారిస్తో. ఆటబొమ్మ."

"అరవై ఒక్క మెట్లు. ఏడువందల రకాల శబ్దాలు. తాళం దానంతట అదే వేస్తుంది. పిల్లలకి ఇంకేం కావాలి?"

"కింద నగరంలో సంగీత అకాడమీకి కూడా ఇవే పంపించావా?"

లోసానో గొంతు సవరించుకున్నాడు. "అకాడమీ సంగతి వేరు. అక్కడివాళ్ళు రేపు కచేరీలు చేసే పిల్లలు. కొండ మీదివాళ్ళకి ఇది చాలు. ఇంతకన్నా మంచిది పెట్టినా తేడా వాళ్ళకి వినబడదు."

ఆ మాటకు తల్లులు కొందరు తల వంచుకున్నారు. ఒదిలియా వంచుకోలేదు. "నేను సంతకం పెట్టను," అంది.

హాలంతా గుసగుసలు రేగాయి. వెనక నుంచి ఎవరో, "పెట్టేయండి ప్రొఫే, మళ్ళీ ఎవరిస్తారు," అన్నారు. టీచరమ్మా అన్నట్టు పిల్లలూ పెద్దలూ ఆమెను పిలిచేది అలాగే.

"వచ్చే ఆదివారం మధ్యాహ్నం కింది బంతాట స్థలంలో నీది ఒకటి, షాపునుంచి ఇంకో రెండు, మొత్తం మూడు రకాల పియానోలు పెడదాం," అంది ఒదిలియా. "వాటికి అడ్డంగా దుప్పటి కడదాం. ఏది ఎక్కడుందో ఎవరికీ చెప్పొద్దు. వెనక నువ్వే వాయించు, ఎవారిస్తో. ముందు మావాళ్ళు ఆడతారు. కొండ మీదివాళ్ళకి తేడా తెలుస్తుందో లేదో వాళ్ళ కాళ్ళనే అడుగుదాం."

సంస్థ అధ్యక్షురాలు దోన్యా క్లెమెన్సియా ముందు వరసలో కూర్చుని ఉంది. ఎనభైకి దగ్గరపడిన మనిషి, విసనకర్ర ఊపడం ఆపింది. "నేనొస్తాను," అంది ఆవిడ. ఇక లోసానో కాదనలేకపోయాడు.

మంగళవారం ఒదిలియా యామిలేత్ జీపెక్కి నగరం నడిబొడ్డున ఉన్న వాద్యాల షాపుకు వెళ్ళింది. యామిలేత్ రోజంతా కొండ పైకీ కిందికీ జనాన్ని చేరవేస్తుంది. ముప్ఫై నాలుగేళ్ళ వయసులో ఒదిలియా దగ్గర పియానో మొదలుపెట్టింది. మెట్ల మీద చేతులు పెట్టినా వేళ్ళు స్టీరింగు పట్టుకున్నట్టే వంగి ఉంటాయి.

సేల్స్‌మన్ ముందుగా సంస్థ పంపిన రకాన్నే చూపించాడు. రంగురంగుల దీపాలు వెలిగాయి. "దోన్యా, ఇందులో గుర్రపు డెక్కల చప్పుడుంది. వాన చప్పుడు కూడా ఉంది."

"వాన మా కొండ మీద బోలెడంత పడుతుంది. పియానో వినిపించు," అంది యామిలేత్.

"పియానోలే ఇరవై నాలుగు రకాలున్నాయి."

"మంచిది ఒక్కటుంటే చాలు," అంది ఒదిలియా.

ఆమె ప్రతి పరికరానికీ అవే పరీక్షలు పెట్టింది. ఒకే మెట్టును ఊపిరంత మెల్లగా మొదలుపెట్టి గట్టిదనం పెంచుకుంటూ పోయింది. అసలైన పియానో మెల్లగా పలికితే గుండ్రంగా ఉంటుంది, గట్టిగా పలికితే అంచు తేలుతుంది. తర్వాత పెడల్ తొక్కిపట్టి, కింద నాలుగు మంద్ర స్వరాలు నిలిపి, పైన వేగంగా వాయించింది. దీపాల కీబోర్డులో పై స్వరాలు పెరిగేసరికి కిందివి ఒక్కొక్కటే మాయమయ్యాయి, గోడ కడుతుంటే పునాది రాళ్ళు ఎవరో లాగేస్తున్నట్టు. ఒకే స్వరాన్ని గబగబా పదిసార్లు కొడితే ఏడుసార్లే పలికింది.

రెండోది నల్లగా, ఠీవిగా ఉంది. ఎనభై ఎనిమిది మెట్లు, చెక్కలాంటి స్పర్శ. మంద్రంలో ఒక్క స్వరం కొట్టి వదిలితే షాపు గచ్చు కూడా పలికినట్టనిపించింది. ఒదిలియా కళ్ళు మూసుకుని చాలాసేపు వాయించింది. యామిలేత్ దాన్ని ఒక వైపు ఎత్తి చూసి మెల్లగా దించింది.

"ఎంతుంటుంది?"

"ఇరవై మూడు కిలోలు. స్టాండు కాకుండా," అన్నాడు సేల్స్‌మన్.

"ప్రొఫే, నా జీపు సగం దాకానే వెళ్తుంది. ఆపైన దారంతా రాళ్ళే. దీన్ని పైదాకా మొయ్యాలంటే నాకు ఇద్దరు మొగుళ్ళు కావాలి. ఉన్న ఒక్కడూ పారిపోయాడు."

మూడోది మూలన, పెట్టెల వెనక ఉంది. సన్నగా, ఏ అలంకారమూ లేకుండా ఉంది. ఎనభై ఎనిమిది మెట్లు, పది శబ్దాలు, పదకొండు కిలోలు. కరెంటు పోతే బ్యాటరీల మీద ఆరు గంటలు నడుస్తుందన్నాడు. ఒదిలియా తప్పులు వెతకడానికే కూర్చుంది, అవి దొరికాయి కూడా. స్పీకర్లు చిన్నవి, మంద్రం పలచన. చివరి పై స్వరాలు గాజు గ్లాసు తట్టినట్టు పొట్టిగా ఆగిపోతున్నాయి. పెడల్ కాలికింద జారిపోతోంది. కానీ మెట్లలో బరువుంది, ఎడమవైపు ఎక్కువగా, కుడివైపు పోనుపోను తక్కువగా, నిజమైన పియానోలో ఉన్నట్టే. వేలు ఎంత ఇస్తే అంతే పలికింది, ఎక్కువా కాదు, తక్కువా కాదు.

"రెండోది నాకు కావాలి. ఇది పిల్లలకి కావాలి," అంది ఆమె లేస్తూ.

షాపు యజమాని ఆదివారానికి రెండింటినీ అరువివ్వడానికి ఒప్పుకున్నాడు, తోడుగా సేల్స్‌మన్‌ను పంపాడు. ఆ మనిషి ఆ రోజంతా గీతలు పడతాయేమోనని గుడ్డ పట్టుకుని వాటి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు.

ఆదివారం ఎండ మండిపోతోంది. రెండువందల మంది దాకా చేరారు. చోంతాదూరో పళ్ళు ఉప్పూ తేనే వేసి అమ్మే ఆడవాళ్ళు గంటలోనే గంపలు ఖాళీ చేసుకున్నారు. దుప్పట్లు కట్టారు. వెనక మూడు పియానోలు, లోసానో. ముందు ఇద్దరు డప్పుల వాళ్ళు, గంట వాయించే ఆమె. ఆడేవాళ్ళలో అందరికన్నా పెద్ద దోన్ ప్లుతార్కో, డెబ్భై తొమ్మిదేళ్ళు, తెల్ల బూట్లు. ఆ కొండ మీద సగం మందికి అడుగు వెయ్యడం నేర్పింది ఆయనే.

మొదటిది మొదలైంది. పది జంటలు కదిలాయి. కాసేపటికి కదలిక పలచబడింది. దోన్ ప్లుతార్కో ఆగి బూటు మీది దుమ్ము తుడుచుకున్నాడు.

"ఏమైంది పెద్దాయనా?" అని అడిగింది దోన్యా క్లెమెన్సియా.

"తాళం ఉందమ్మా. తప్పేం లేదు. కానీ వెనకనుంచి నెట్టేవాళ్ళు లేరు."

రెండోది మొదలవగానే ఆయన జవాబివ్వడం కూడా మానేసి ఆటలో దిగాడు. జనం ఈలలు వేశారు. లోసానో మంచి వాద్యగాడు, అది ఎవరూ కాదనలేరు.

మూడోదానికి వచ్చేసరికి ఆట మళ్ళీ చప్పబడింది. ఒదిలియా కుర్చీలో ముందుకు వంగి చెవి పెట్టింది. పియానో సంగతి కాదిది. సల్సాలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడమచెయ్యి ఇచ్చే తోపు ఒకటుంటుంది. రెండోదాని మీద దంచి వాయించిన మనిషి మూడోదాని మీద ఆ చేతిని నిద్రపుచ్చాడు. ఆమె లేచి వెళ్ళి దుప్పటి లాగేసింది.

"ఎడమచెయ్యి ఎక్కడ దాచావు?"

"పరికరం అంతే పలుకుతుంది," అన్నాడు లోసానో.

"లే అక్కణ్ణుంచి."

ఆయన లేచాడు. ఆమె కూర్చుని అదే వరస అదే వేగంతో మొదలుపెట్టింది. నాలుగో ఆవర్తం తిరిగేసరికి మైదానమంతా కాళ్ళే. చిన్న స్పీకర్లకు డప్పులను దాటే బలం లేదు, అయినా ఎక్కడ తొయ్యాలో అక్కడ తోస్తూనే ఉంది. గంట వాయించే ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

అక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ ముప్ఫై ఏళ్ళు మింగుకున్నదంతా ఒక్కసారిగా చేతుల్లోకి వచ్చింది. జనం "ఇంకోటి ప్రొఫే" అంటుంటే ఆమె పక్కనున్న దీపాల కీబోర్డు వైపు జరిగింది. గట్టిదనం పలకని చోట స్వరాలను పొట్టిగా తెంపింది, ఆ తెంపుల్లోనే ఊపు పుట్టించింది. జనం మునుపటికన్నా ఎక్కువ ఆడారు.

ఆగాక లోసానో తీరిగ్గా చప్పట్లు కొట్టాడు. "చూశారుగా దోన్యా క్లెమెన్సియా. ఆటబొమ్మ అన్నారు, దాని మీదే వీధినంతా ఆడించారు. ఇంక గొడవెందుకు?"

తను తవ్వుకున్న గోతిలో తనే పడ్డానని ఒదిలియాకు అప్పుడు తెలిసింది. చెమట కంట్లోకి కారుతుంటే తుడుచుకోకుండా నిలబడింది. యామిలేత్ ఏదో అనబోతే చేత్తో ఆపింది.

"నిజమే, ఆడించాను," అంది. "నలభై ఏళ్ళుగా వాయిస్తున్నాను, ఎవారిస్తో. నాకు బల్ల ఇచ్చినా ఆడిస్తాను. ఆ నలభై ఏళ్ళు ఈ పిల్లలకి ఎక్కణ్ణుంచి వస్తాయి? చేతకానివాళ్ళకే మంచి పరికరం కావాలి. నాయిబే, ఇలా రా తల్లీ."

నాయిబేకు పదేళ్ళు. సుద్ద గీతల మీద నేర్చుకున్న పిల్ల. ముందు దీపాల కీబోర్డు మీద తన పాఠం వాయించింది. స్వరాలన్నీ సరిగ్గానే వచ్చాయి, హాజరు పట్టీ చదివినట్టు. తర్వాత సన్నటిదాని ముందు కూర్చుంది. బొటనవేలు కింద మొదటి స్వరం గయ్‌మని లేచింది. పిల్ల ఉలిక్కిపడి చెయ్యి తీసి వేలు చూసుకుంది. ఎవరో ముసిముసిగా నవ్వారు. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి బొటనవేలిని వెనక్కి పట్టింది. మూడోసారికి చిటికెనవేలి స్వరం మీదికి తేలి, పాట ఏదో, తోడు ఏదో విడివిడిగా వినబడ్డాయి. అలా పట్టమని ఎవరూ చెప్పలేదు. దోన్ ప్లుతార్కో కుర్చీలోంచి లేచి రెండడుగులు వేసి, తల ఊపి, మళ్ళీ కూర్చున్నాడు.

"తేడా వినబడదన్నావు," అంది ఒదిలియా. "ఈ పిల్లకి వినబడింది. విని చెయ్యి మార్చుకుంది. దీపాలదాని మీద పదేళ్ళు వాయించినా మార్చుకునేది కాదు."

లోసానో ముఖం ఎర్రబడింది. "సంస్థ ఇచ్చింది నాలుగు. వద్దంటే మీకేమీ ఉండదు. అది తల్లులకి చెప్పండి."

"ఏమీ లేకుండా ఏడాది నడిపాం. నీ బొమ్మలు నువ్వు తీసుకెళ్ళు."

దోన్యా క్లెమెన్సియా ఏమీ తేల్చలేదు. విసనకర్ర మడిచి, నాయిబే తల నిమిరి, కారెక్కింది. ఆ సాయంత్రమే యామిలేత్ నాలుగు కీబోర్డులనూ తన జీపులో వేసుకుని సంస్థ గుమ్మం ముందు దించి వచ్చింది.

ఆ తర్వాతి రోజులు ఒదిలియాకు కష్టంగా గడిచాయి. ఆరు వారాలు ఏ కబురూ లేదు. ఇద్దరు పిల్లలు మానేశారు. బేకరీ దగ్గర తల్లులు ఆమెను చూసి మాటలు ఆపేసేవారు. ఆమె మాత్రం రోజూ నాలుగింటికి వచ్చి, సుద్ద గీతలు చెరిగిన చోట మళ్ళీ గీసి, పాఠం చెప్పేది. తన పంతం తప్పా అని ఒకటి రెండుసార్లు అనుకుంది. లోసానో అన్న మాట గుర్తొస్తే తప్పు కాదనిపించేది.

ఏడో వారంలో ఒక పెట్టె వచ్చింది. సన్నటి రకం, పదకొండు కిలోలది. దోన్యా క్లెమెన్సియా చేతిరాతతో చీటీ ఉంది, ఒక్కటే వీలైందని. ఒదిలియా నిలబడే సంతకం పెట్టింది. జీపు ఆగిన చోటునుంచి యామిలేత్ దాన్ని దుప్పట్లో చుట్టి వీపుకు కట్టుకుని, ఎక్కడా దించకుండా పైదాకా మోసింది.

పన్నెండు మందికి ఒకే పియానో. తలా పావుగంట. రెండో రోజే రోసల్బా వచ్చింది, చేపల బజారులో పనిచేసే మనిషి, ఏప్రన్ కూడా విప్పలేదు. కూతురు పియానో ముందు కూర్చుంటుంటే గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాలుగు ఉండుంటే నా పిల్లకి రోజూ గంట దొరికేది," అంది. "పంతం మీది ప్రొఫే. పావుగంట మాది."

"నిజమే," అంది ఒదిలియా. "ఆ పావుగంట నావల్లే."

"మరి?"

"మరి రెండోదాని కోసం మళ్ళీ కొట్లాడతాను. దాని తర్వాత మూడోదాని కోసం. లోసానో అడ్డం పడుకున్నా సరే."

పిల్ల వాయించడం మొదలుపెట్టింది. తడబడింది, ఆగింది, మెల్లగా మళ్ళీ అందుకుంది. రోసల్బా గుమ్మానికి ఆనుకుని ఆ పావుగంటా వింది. తర్వాతి పిల్ల వచ్చి నిలబడ్డాక కూతురి సంచీ అందుకుని, ఒదిలియా వైపు తిరిగింది.

"ఆ సంస్థ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"

"సోమవారం ఎనిమిదింటికి."

"నాకు బజారులో పని పొద్దున ఏడున్నరకే అయిపోతుంది. చేతులు కడుక్కోకుండానే మీతో వస్తాను," అంది రోసల్బా.