ఎడమ పొయ్యి

కిరసనాయిలు వాసన.

ముందు అదే వస్తుంది. తర్వాత తాళం తిరిగిన చప్పుడు. తర్వాత సంచీ చక్రాలు గడప మీంచి టకటకమని దూకిన చప్పుడు. ఆ తర్వాతే నా మనవరాలు.

విమానానికి పోసేది కూడా కిరసనాయిలేనట. బాగా శుభ్రం చేసిన కిరసనాయిలు. అది ఆ మాట చెప్పినప్పుడు నేను నమ్మలేదు. నా కాపురమంతా ఆ వాసనలోనే గడిచింది కదా... పంపు స్టవ్వు, పిన్నుతో పొడవడం, భగ్గుమని లేచే పచ్చటి మంట, మాడిన కనుబొమ్మలు. గిన్నెల్ని మసి చేసే నూనె అంత బరువును ఆకాశానికి ఎలా లేపుతుందే అని అడిగాను.

"నీ కనుబొమ్మల్ని లేపేసింది కదా అమ్మమ్మా!" అంది.

దాని ముద్దుపేరు మిడత. చిన్నప్పుడు మెట్లు దిగేది కాదు, దూకేది. ఒళ్ళంతా కాళ్ళే. ఇప్పుడు సరుకుల విమానం నడుపుతుంది. పెద్ద సీటులో కెప్టెన్ కూర్చుంటాడు. పక్క సీటులో ఇది.

ఆ విమానంలో మనుషులుండరు. పెట్టెలుంటాయి. మందులు, పూలు, చెప్పులు, ఫోన్లు. ఒకసారి అప్పుడే గుడ్డులోంచి వచ్చిన కోడిపిల్లలు... విమానం నిండా కోడిపిల్లలే. దారి పొడుగునా కిచకిచ. ఆ రోజు అస్సలు నిద్ర రాలేదు అమ్మమ్మా, ఎంత హాయిగా ఉందో, అని చెప్పింది.

నిద్ర రాకపోతే హాయి ఏమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

ఇప్పుడు అర్థమైంది.

మా వంటింటి కిటికీలోంచి విమానాల మైదానం చివర కనిపిస్తుంది. అక్కడొక స్తంభానికి నారింజరంగు గుడ్డగొట్టం కట్టి ఉంటుంది. గాలి ఎటు పోతే అటు తిరుగుతుంది. లోపల చెయ్యి లేని చొక్కా చెయ్యిలా ఉంటుంది అది. గాలి ఉంటే నిండుతుంది. గాలి లేకపోతే వేలాడుతుంది.

ఇంటికి వచ్చిన పూట నా మనవరాలి చేతులూ అలాగే వేలాడుతుంటాయి.

మనుషుల్ని మోసే విమానమైతే నయమంటుంది అది. మనుషులు అరుస్తారు, పైలట్ ముఖంలోకి చూస్తారు, ఈ పిల్ల కళ్ళేంటి ఇలా ఉన్నాయని అడుగుతారు. పెట్టెలు అడగవు. అందుకే మా నిద్ర ఎవరికీ పట్టదు, పని గంటల లెక్క కూడా మనుషుల్ని మోసే పైలట్లకొకటి మాకొకటి, అంటుంది. కోపంగా అనదు. వాన పడుతోంది అన్నట్టు అంటుంది.

నాకు కోపం వచ్చినా బాగుండును అనిపిస్తుంది. వాన పడుతోందన్నట్టు అంటే భయమేస్తుంది.

దాని డ్యూటీ చార్టు ఫోనులో ఉంటుంది. గోడ మీద కేలండరులా ఒకచోట నిలబడేది కాదు. చూస్తుండగానే మారిపోతుంది. పడుకునేటప్పుడు రేపు ఇల్లు అని ఉంటుంది. లేచేసరికి రేపు సముద్రం అవతల.

ఒక్కోసారి విమానం ఒక ఊళ్ళో ఉంటుంది, ఇది ఇంకో ఊళ్ళో ఉంటుంది. అప్పుడు వేరే విమానంలో మరుగుదొడ్డి పక్క సీటులో కూర్చోబెట్టి పంపిస్తారు. అది దిగాక కారు. కారు దిగాక బస. ఆ బసలో గోడ అవతల మరతో బెజ్జాలు వేస్తుంటారు. కిటికీకి తెర ఉండదు. పట్టపగటి ఎండ వచ్చి దీనికంటే ముందే మంచం మీద పడుకుని ఉంటుంది.

"మరి నువ్వెక్కడ పడుకున్నావే?"

"బట్టల బీరువాలో."

మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, లోపల్నుంచి తలుపు లాక్కుని. పైన హేంగర్లు గలగలమంటుంటే... నేను పడీ పడీ నవ్వాను. అదీ నవ్వింది. నవ్వడం అయిపోయాక ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆ సీటు, ఆ కారు, ఆ బీరువా... అదంతా విశ్రాంతి కింద రాసుకుంటారట.

వాళ్ళ పనిలో ఒక పద్ధతి ఉంది. కింద నుంచి రేడియోలో ఏం చెప్పినా, పైనున్నవాళ్ళు అదే మాట తిరిగి చెప్పాలి. ఎడమకు తిరగమంటే, ఎడమకు తిరుగుతున్నాం అనాలి. పక్కనున్న కెప్టెన్ చెప్పినా అంతే. తిరిగి చెబితేనే విన్నట్టు. విన్నట్టయితేనే లెక్క.

అది నిద్ర మొహంతో ఉన్నప్పుడు ఇంట్లోనూ అలాగే మాట్లాడుతుంది.

అన్నం తినవే అంటే — అన్నం తింటున్నా.

చెప్పులు లోపల పెట్టవే అంటే — చెప్పులు లోపల పెడుతున్నా.

మొదట్లో నాకది ఆటలా ఉండేది. దొరికింది కదా అని ఆడించేదాన్ని. మా అమ్మమ్మ అందగత్తె అను! మా అమ్మమ్మ అందగత్తె. అనేశాక కళ్ళు తెరిచి, "ఛీ, మోసం" అనేది.

రాను రాను నాకది కొలతైంది. ఎంత తిరిగి చెబితే అంత అలసట. హాయిగా నిద్రపోయి లేచిన పూట దానిదంతా ఎదురు సమాధానమే. తిను అంటే తినను. పడుకో అంటే పడుకోను. అలా నాతో పోట్లాడి ఎన్నాళ్ళైందో...

ఒకసారి పైన మేఘాల మీద ఉండగా, మీసాల కెప్టెన్, నువ్వు చూస్తుండమ్మా, నేనో కునుకు తీస్తాను, అన్నాడట. ఒకరు మేలుకుని ఉంటే ఒకరు కాసేపు కన్ను మూయడానికి వాళ్ళకు అనుమతి ఉందట. ఇది మేలుకునే ఉంది. మేలుకునే ఉన్నాననుకుంది. ఎవరో పిలుస్తున్నారు. ఎంతసేపటినుంచో పిలుస్తున్నారు. నేనే అనుకుందట, అన్నానికి పిలుస్తున్నానని.

రేడియో అది.

కింద మేఘాలు తెల్లగా, పరుపులా ఉన్నాయట. వాటి కింద ఏ ఊరు దాటిపోయిందో ఇద్దరికీ తెలియదు.

ఆ మాట నాకు మెలకువలో చెప్పలేదు. నా ఒళ్ళో తల పెట్టుకుని, కళ్ళు మూసుకుని చెప్పింది. లేచాక నేను అడగలేదు. అడిగితే నిజమైపోతుందేమో...

ఆ వేళ పొద్దున కిరసనాయిలు వాసన ముందు వచ్చింది, తర్వాత తాళం, తర్వాత చక్రాలు. రేపు సాయంత్రం దాకా ఇల్లే అమ్మమ్మా అంది. బూట్లు విప్పుతూ విప్పుతూ ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయింది. నేను పిలిస్తే రెండోది విప్పింది.

పొయ్యి మీద ఎడమ పక్క పాలు. కుడి పక్క నీళ్ళు. నేను కూరగాయల దగ్గర కింద కూర్చుని ఉన్నాను. ఇది పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. పాల నురుగు గిన్నె అంచు మీదికి లేవడం కనిపించింది నాకు.

"ఎడమ పొయ్యి కట్టెయ్యవే."

"ఎడమ పొయ్యి కట్టేస్తున్నా."

చక్కగా అంది. ఒక్క అక్షరం తేడా లేదు.

చెయ్యి కుడి మర మీదికి పోయింది.

కుడి మంట ఆరింది. నీళ్ళ గిన్నె ఊరుకుంది. పాలు పొంగాయి. పొంగి, అంచు దాటి, ఎడమ మంట మీద చుయ్‌మని పడ్డాయి. మంట చచ్చిపోయింది. గ్యాసు చావలేదు. బుస్సుమంటూనే ఉంది. అది పొయ్యి ముందే నిలబడి చూస్తోంది. కట్టేశానుగా అన్నట్టు చూస్తోంది.

నా మోకాళ్ళు ఎలా లేచాయో తెలియదు. మర తిప్పాను. కిటికీ బార్లా తెరిచాను. గాలి లోపలికి వచ్చింది.

"ఏమే, నేనేం చెప్పాను, నువ్వేం చేశావు? కళ్ళు పొయ్యిలో పెట్టావా?" అని కసిరాను. భయపడితే నాకు తిట్లే వస్తాయి.

అది నవ్వుతుందనుకున్నాను. పాలు కారుతున్న పొయ్యి మీదినుంచి కళ్ళు తిప్పలేదు.

"ఎడమే అన్నాను కదా అమ్మమ్మా?"

"అన్నావు."

"నా చెవులతో విన్నాను, ఎడమ అనడం."

గోడకు చేరగిలబడి అలాగే కిందికి జారి కూర్చుంది. అప్పుడు చెప్పింది. విమానానికి రెండు ఇంజన్లు. ఒకటి మండిపోతుంటే దాన్ని కట్టెయ్యాలి. ఏది కట్టెయ్యాలో ఒకరు చెబుతారు. ఇంకొకరు తిరిగి చెబుతారు. తర్వాత చెయ్యి...

తర్వాత చెయ్యి అని ఆగిపోయింది.

నేను పాలు తుడిచాను. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను.

పడుకోబెట్టాను. దాని గది కిటికీకి దుప్పట్లు కుట్టి కట్టాం, పగలు చీకటి చేసుకోవడానికి. దుప్పటి అంచులోంచి సన్నటి ఎండ గీత దాని చెయ్యి మీద పడుతోంది. ఎడమ చెయ్యి. నేను ఆ గీతను కొంగుతో మూశాను.

ఫోను మోగింది.

దానికి వినపడకుండా వంటింట్లోకి తెచ్చాను. డ్యూటీలు వేసే అబ్బాయి.

"మేడమ్—"

"మేడమ్‌ని కాదు నాయనా, మేడమ్‌ని ఎత్తుకుని పెంచినదాన్ని."

"అమ్మమ్మగారా! బాగున్నారా అండీ? మేడమ్‌ని ఒక్కసారి లేపుతారా?"

"అది పడుకుని పాలు పొంగినంత సేపు కాలేదు బాబూ."

"తెలుసండీ. ఒకాయనకు జ్వరం. విమానం నిండిపోయి ఉంది, పూలు వాడిపోతాయి. ఇంకెవరూ లేరండీ."

"రేపటిదాకా ఇల్లే అన్నారుగా?"

"చార్టు మారిందండీ."

"చార్టుకేమైనా కాళ్ళున్నాయా, దానంతటది మారడానికి? ఎవరు మార్చారు?"

"నేనే. అంటే... మార్చమన్నారు."

ఆవులించాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టున్నాడు, అయినా నాకు వినపడింది.

"నువ్వెప్పుడు పడుకున్నావు నాయనా?"

"నాదేముందిలెండి. నేను విమానం నడపను కదా."

"నడిపేదాన్ని పంపేది నువ్వే కదా."

నా వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఫోను తీసుకుంది. ఎప్పుడు లేచిందో.

అతను చెబుతున్నాడు, ఇది తిరిగి చెబుతోంది. మధ్యాహ్నం కారు. ఉత్తరం గేటు. పూలు. కెప్టెన్ అక్కడే కలుస్తారు. ఒక్కటీ తప్పలేదు. గొంతు మాత్రం కడిగిన గిన్నెలా ఉంది. ఆ గొంతు వింటే ఎవరైనా ఈ పిల్ల ఇప్పుడే లేచి స్నానం చేసి కూర్చుందనుకుంటారు.

ఫోనులో నోరే వినపడుతుంది. చెయ్యి వినపడదు.

"చెప్పవే, నా వల్ల కాదని" అన్నాను.

చెప్పొచ్చట. వాళ్ళ నియమాల్లోనే ఉందట. అలసిపోయాను, నడపలేను అని ఎవరైనా అనొచ్చట. మీసాల కెప్టెన్ ఒకసారి అన్నాడు. గదిలో కూర్చోబెట్టి అడిగారు. మిగతావాళ్ళు అలసిపోలేదే? ఇంట్లో ఏమైనా గొడవలా? వయసైపోతోందా? ఆ తర్వాత ఆయన చార్టులో అన్నీ ఎవరూ కోరని ప్రయాణాలే.

"జ్వరమైతే చూపిస్తాను. అలసట ఎక్కడ చూపించను అమ్మమ్మా? ఈ ఏడు నాకు పెద్ద సీటు పరీక్ష. ఇప్పుడు నోరు తెరిస్తే ఇంక జన్మలో ఇవ్వరు."

దానికి ఆ సీటంటే ప్రాణం. మెట్ల మీంచి దూకే వయసునుంచీ.

తెల్ల చొక్కా వేసుకుంది. జుట్టు బిగించి ముడి వేసుకుంది. సంచీ చక్రాల మీద నిలబెట్టింది. కింద కారు వచ్చి ఆగింది.

నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

ఏం చెప్పాలో తెలియలేదు. జాగ్రత్త అంటే, జాగ్రత్తగా ఉంటున్నా అంటుంది. వద్దే అంటే, వద్దు అంటుంది, అనుకుంటూ వెళ్ళిపోతుంది.

"మిడతా... ఎడమ చెయ్యి ఎత్తు."

"ఎడమ చెయ్యి ఎత్తుతున్నా."

ఎత్తలేదు.

రెండు చేతులూ వేలాడుతున్నాయి. అది తల వంచి వాటిని చూసుకుంది. ఒకదాన్ని చూసింది. ఇంకోదాన్ని చూసింది. ఎవరివో చేతులు, ఎవరో తనకిచ్చి పట్టుకోమన్నట్టు.

అప్పుడు ఒకటి లేచింది.

ఎదురుగా నిలబడితే దాని ఎడమ నాకు కుడి పక్క. ఒక్క క్షణం నాకూ తెలియలేదు. వాచీ ఉన్న చెయ్యి... ఎడమే.

సరిగ్గానే ఎత్తింది.

కానీ ఆ మధ్యలో ఒక ఖాళీ ఉంది. చెప్పడానికీ చెయ్యడానికీ మధ్య. నేనూ చూశాను. అదీ చూసింది. మా గుమ్మంలో ఆ ఖాళీకి చోటుంది. పైన... ఒక ఇంజను మండుతుంటే... ఆ ఖాళీ ఎక్కడ పెట్టుకుంటుంది?

ఎత్తిన చెయ్యి దించలేదు అది. దాని కళ్ళు నిండాయి.

కింద హారను.

సంచీని పక్కకు నెట్టేసింది. నంబరు నొక్కి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. డ్యూటీలబ్బాయి వెంటనే పలికాడు, మేడమ్ బయల్దేరారా, అని.

"నేను అలసిపోయాను. ఈ విమానం నడపలేను."

వాన పడుతోందన్నట్టు అనలేదు. గొంతు వణికింది. వణికితే వణికింది, అది దాని సొంత మాట.

అవతల ఏవో మీటలు టకటక నొక్కుతున్న చప్పుడు.

"వినపడిందా?"

"మేడమ్... ఒక్కసారి ఆలోచించుకోండి మేడమ్. ఇంకెవరూ—"

"నేను చెప్పింది తిరిగి చెప్పండి."

ఊపిరి వినపడుతోంది. అంతే.

"తిరిగి చెప్పండి."

నేను దాని చెయ్యి పట్టుకున్నాను. ఏ చెయ్యో చూడలేదు. చల్లగా ఉంది. అవతల ఆ అబ్బాయి బల్ల మీద ఇంకో ఫోను మోగుతోంది. కాదేమో... ఇంకెవరింట్లోనో మోగుతోందేమో, ఇంకెవరి అమ్మమ్మో కొంగు తీసి లేస్తోందేమో. పూలు ఆగవు కదా.

కింద మళ్ళీ హారను.

అతనింకా చెప్పలేదు. ఇదింకా ఫోను దించలేదు.

వంటింటి కిటికీ పొద్దుటినుంచీ తెరిచే ఉంది. మైదానం చివర ఆ గుడ్డచెయ్యి మెల్లగా నిండి మావైపు తిరిగింది.

గాలి లోపలికి వచ్చింది.

కిరసనాయిలు వాసన...